మట్టి ఇంటికి 18 అంగుళాల గోడ అవసరమా? మరి వెలుగు?

గృహస్థు:
అనంతపురం దగ్గర మట్టి ఇల్లు కట్టబోతున్నాం. బయటి కొలత 30×40 అడుగులు, పైన పెంకు. గోడ 18 అంగుళాలు ఉండాల్సిందేనని మేస్త్రి పట్టు. 9 చాలు, లోపల థర్మోకోల్ పలకలు బిగిద్దామని ఇంజనీరు వాదన. 9కి బదులు 18 వేస్తే బయటి గోడలకే అదనంగా 98 చదరపు అడుగులు పోతున్నాయి. పైగా ఇల్లు చీకటిగా ఉంటుందని మా ఆవిడ బెంగ. ఎవరి మాట వినాలి?

మిద్దెవాసి:
మేస్త్రి మాటే వినండి. మన సీమ మిద్దెల్లో, అంటే చదునుగా మట్టి కప్పు వేసిన ఇళ్లలో, మూరెడు మందం గోడలు మామూలే. మే నెల మధ్యాహ్నం బయటినుంచి లోపలికి అడుగుపెడితే తేడా ఒంటికే తెలుస్తుంది. దానికి లెక్కలెందుకు?

చుట్టిల్లు:
లెక్కలు కావాలండీ. వేడిని అడ్డుకోవడంలో 18 అంగుళాల మట్టిగోడ కంటే 2 అంగుళాల థర్మోకోలే మెరుగు. మట్టి చేసే పని వేరు. పగటి వేడిని తనలో పట్టి ఉంచి, గంటల తరబడి ఆలస్యంగా లోపలికి వదులుతుంది. రాత్రి కిటికీలు తీసి చల్లగాలి ఆడనిస్తేనే అది మర్నాటికి మళ్లీ చల్లబడుతుంది. అనంతపురంలో రాత్రి వేడి బాగా తగ్గుతుంది కనుక ఈ పద్ధతి సాగుతుంది. మా కాకినాడలో రాత్రుళ్లూ ఉక్కపోతే. ఇక్కడ గోడ లావు కంటే గాలి ముఖ్యం.

అలాగని ఇంజనీరు సలహా బాగుందని కాదు. పలకలు లోపల బిగిస్తే గదికీ మట్టికీ సంబంధం తెగిపోతుంది. ఇక మట్టితో కట్టడమెందుకు? అసలు ఎండ విరుచుకుపడేది కప్పు మీద. ఆ డబ్బు పెంకు కింద వేడి దిగకుండా చూసుకోవడానికి పెట్టండి.

మిద్దెవాసి:
9 అంగుళాల మట్టిగోడ పడమటెండకు ఎంతసేపు తట్టుకుంటుందో మీరే చెప్పండి.

చుట్టిల్లు:
పడమటి గోడ 18 వేయమనే నేనూ అంటాను. మిగతా మూడూ 12 సరిపోతాయి. మిద్దె అయితే కప్పు బరువు వేరు, అప్పుడు మీ మాటే నెగ్గుతుంది.

సున్నపుగోడ:
చీకటికి కారణం గోడ మందం కాదు, కిటికీ కట్టే తీరు. చట్రాన్ని బయటి అంచుకు దగ్గరగా పెట్టి, రెండు పక్కలనూ లోపలికి విచ్చుకునేలా ఏటవాలుగా తీయండి. మూడడుగుల కిటికీ గదిలోకి నాలుగడుగులకు పైగా తెరుచుకుంటుంది. ఆ పక్కలకు తెల్ల సున్నం కొడితే వెలుగు వాటిమీద పడి గదిలోకి పాకుతుంది. పైన ఛజ్జా మరవకండి. పెద్ద కిటికీలు ఉత్తరానికి పెట్టుకుని, పడమట ఒక్క చిన్నదానితో సరిపెట్టుకోండి.

మిద్దెవాసి:
పాత మిద్దెలకు కప్పులో గవాక్షి ఉండేది కదా! వెలుగు దిగేది, పొగ పోయేది.

సున్నపుగోడ:
ఉండేది, వాన వస్తే ఎవరో ఒకరు పైకెక్కి మూసేవారు కూడా. ఇప్పుడు దానికి అద్దం బిగిస్తే మే, జూన్ మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. వంట పొయ్యి వెలిగించకుండానే అవుతుంది.

గృహస్థు:
పడమర 18, తక్కినవి 12 అంటే మేస్త్రి ఒప్పుకునేలా ఉన్నారు. రెండు మందాలు కలిసే మూలలో పగులు రాదా?

చుట్టిల్లు:
ఒక గోడ లేపి తర్వాత రెండోది అతికిస్తే తప్పకుండా వస్తుంది. నాలుగూ వరుస వరుసకూ కలిపి, మూలలో ఒకదాన్నొకటి కరుచుకునేలా పైకి లేపమనండి. పునాది కూడా పడమట వెడల్పుగా తీయించండి.