మిన్నసోటా చలికి కసిమీ పులవడం లేదు, ఇడ్లీ పిండీ పులవడం లేదు. ఏం చేస్తున్నారు మీరంతా?

కలంపుల్ల:
అందరికీ నమస్కారం. మేం మిన్నియాపొలిస్ పక్కనే ఉంటాం, ఇక్కడ ఇది మాకు రెండో చలికాలం. పోయినేడు కొత్త మోజులో మంచు ఫోటోలు తీసి ఊళ్ళో అందరికీ పంపుకుంటూ గడిపేశాను. ఈసారి ఆ సరదా డిసెంబరు మొదటి వారానికే తీరిపోయింది. సాయంత్రం నాలుగున్నరకల్లా చీకటి. పొద్దున లేచి చూస్తే ఇక్కడి లెక్కలో మైనస్ 15, అంటే మన లెక్కలో మైనస్ 26. చెత్త డబ్బా రోడ్డు దాకా లాక్కెళ్ళి రావడానికి ఐదు నిమిషాలు తయారవ్వాలి.

అసలు సంగతేమిటంటే, పెళ్ళికి ముందు శ్రీకాళహస్తిలో ఒక ఏడాది కలంకారీ నేర్చుకున్నాను. ఉద్యోగం లేదు కదా, ఈ ఆరు నెలల చలిలో మళ్ళీ మొదలుపెడదామని కరక్కాయ పొడి ఊరి నుంచే తెచ్చుకున్నాను. కసిమి అనే నల్ల రంగు కోసం తుప్పు మేకులు, బెల్లం, తాటిబెల్లం నీళ్ళలో వేసి జాడీలో పెట్టి ఇవాళ్టికి 19 రోజులు. మా గురువుగారింట్లో అయితే రెండు మూడు వారాలకి పైన నురుగొచ్చి, పుల్లటి వాసనతో గది గదంతా చెప్పేసేది కసిమి సిద్ధమైందని. నాది బెల్లం పానకంలా అలాగే కూర్చుంది. మా ఇంట్లో ఇడ్లీ పిండి గతీ అంతే, రుబ్బిన మర్నాడు ఎలా ఉందో ఎల్లుండీ అలాగే ఉంటుంది.

ఇంకో బాధ, గుడ్డని కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఎండలో ఆరెయ్యాలి. ఇక్కడ ఎండ కనిపిస్తుంది కానీ తగలదు. రంగు వేశాక పారే నీళ్ళలో ఉతకాలి, అక్కడైతే స్వర్ణముఖి ఉంది, ఇక్కడ బాత్‌టబ్ ఉంది. మావారు "ఈ పుల్లటి వాసనలూ, పాల గుడ్డలూ ఎందుకు, అల్లికలు నేర్చుకోరాదూ" అంటున్నారు. నాకు అల్లికలు రావు, ఇష్టం కూడా లేదు. మీరంతా ఈ చలిలో ఇంట్లో ఏం చేస్తారు, చేతిపని ఉన్నవాళ్ళు దాన్ని ఎలా నిలబెట్టుకుంటున్నారు, కాస్త చెప్పండి.

బేస్‌మెంట్ బామ్మ:
అమ్మాయ్, నేను ఈ ఊరొచ్చి 22 ఏళ్ళు. 2019 జనవరి 30న ఇక్కడ మన డిగ్రీల్లో మైనస్ 33 దాకా పోయింది, ఆ రోజు పోస్టువాళ్ళు ఉత్తరాలు పంచడం కూడా మానేశారు. ఆ వారం కూడా మా ఇంట్లో ఇడ్లీ పులిసింది కాబట్టి నా మాట విను.

జాడీ వంటింట్లో పెట్టావు కదూ? వంటింటి గట్టు బయటి గోడకి ఆనుకుని ఉంటుంది, రాత్రి థర్మోస్టాట్ తగ్గించి పడుకుంటారు, ఇంక ఏం పులుస్తుంది నీ మొహం. కింద బేస్‌మెంట్‌లో ఇల్లంతా వేడిచేసే ఫర్నేసూ నీళ్ళ హీటరూ ఉన్న గది చూడు, మా ఇంట్లో ఆ గది తక్కిన ఇంటికన్నా బాగా వెచ్చగా ఉంటుంది. అక్కడ ఒక స్టూలు మీద పెట్టు. హీటరు మీద మాత్రం పెట్టకు, గ్యాసు హీటరయితే లోపల మంట ఉంటుంది, దాని దగ్గరికి గుడ్డ ముక్క కూడా రానివ్వకు. జాడీకి మూత బిగించొద్దు, గాలి పోయేలా పల్చటి గుడ్డ కట్టు. కసిమి సంగతి నాకు తెలియదు కానీ, మా ఆవకాయ జాడీ మూత బిగిస్తే ఏమైందో నాకు తెలుసు.

పిండికి ఓవెన్‌లో లైటు వేసి పెట్టమని అందరూ చెప్తారు. పాత బల్బయితే పనిచేస్తుంది. కొత్త ఓవెన్లలో ఎల్ఈడీ లైట్లొస్తున్నాయి, వాటికి వేడే ఉండదు, లైటు చూస్తూ కూర్చోవడమే. ఇన్‌స్టంట్ పాట్ అనే కరెంటు కుక్కరు ఉంటే పెరుగు బటన్ నొక్కి, మామూలు గాజు మూత పెట్టు, పది పన్నెండు గంటల్లో పొంగుతుంది. గిన్నెలో సగానికి మించి పొయ్యకు, తర్వాత దాన్ని కడగలేక నన్ను తిట్టుకుంటావు.

గుడ్డ ఆరడానికి నువ్వు దిగులు పడక్కర్లేదు. ఈ చలికాలం గాలంత పొడి గాలి నీకు కాళహస్తిలో మే నెలలో కూడా దొరకదేమో. చేతులు పగిలిపోవడం లేదూ? పట్టుచీర కడితే చిటపటమని షాకు కొట్టడం లేదూ? ఆ గాలిలో పాల గుడ్డ రెండు మూడు గంటల్లో ఫెళఫెళలాడుతుంది చూడు. ఒకసారి మా మామగారు మాట వినకుండా లుంగీ తీసుకెళ్ళి డెక్ మీద ఆరేశారు. పావుగంటలో అది అట్టముక్కలా బిగుసుకుపోతే, తీసుకొచ్చి హాల్లో గోడకి ఆనించారు, అది అలాగే నిలబడింది, లోపల మనిషి లేకుండా. మర్నాడు మళ్ళీ బయటే వదిలేస్తే సాయంత్రానికి నిజంగా ఆరిపోయింది, మంచు నీరవకుండానే ఆవిరైపోతుందట. నీ పాల గుడ్డని మాత్రం అలా చెయ్యకు, గడ్డకట్టాక మడత పడితే ఆ గీత పోదేమోనని నా అనుమానం.

పెసరట్టు_ఉప్మా:
అక్కా, రెండు జాడీలూ ఒకే గదిలో పెట్టేముందు పేర్లు రాసి అంటించు. బావగారు నిద్రమత్తులో ఇడ్లీ రేకుల్లో మేకుల పులుసు పోస్తారు.

ఎడ్మంటన్ వీణ:
మీ పోస్టు చదివి రాయకుండా ఉండలేకపోయానండీ. మాది కెనడాలో ఎడ్మంటన్, డిసెంబరు చివర్లో పగలు ఏడున్నర గంటలే. మా ఇంట్లో బాధ మీకు సరిగ్గా ఎదురు. మీకు పులవాల్సింది పులవడం లేదు, మాకు అతుక్కుని ఉండాల్సింది ఊడిపోతోంది.

మా అమ్మగారి వీణ ఉంది, పనస కర్రది. వీణ మెట్లు మైనంలో కూర్చోబెడతారు కదా, మొత్తం 24. ఎండలకి మైనం మెత్తబడుతుందని మనవాళ్ళు జాగ్రత్త పడతారు, చలికి ఏమవుతుందో మాకు ఎవరూ చెప్పలేదు. వచ్చిన మొదటి చలికాలంలో ఒక రాత్రి హాల్లో టక్‌మని చప్పుడు. పొద్దున చూస్తే ఐదో మెట్టు దగ్గర మైనం నెర్రె ఇచ్చి మెట్టు ఒక పక్కకి లేచి ఉంది. ఇంట్లో తేమ ఎంతుందో చూసే చిన్న మీటరు ఒకటి కొంటే 17 శాతం చూపించింది. కర్ర వాయిద్యానికి 40, 50 మధ్య ఉండాలంటారు. సరే అని గాలిలో తేమ పెంచే హ్యుమిడిఫయర్ పెట్టి ఇల్లంతా 40కి తెస్తే, మూడో రోజుకి కిటికీల మీద లోపలి వైపే వేలు మందాన మంచు పట్టింది, అది కరిగి కిటికీ చట్రం ఉబ్బింది. బయట మైనస్ 30 ఉన్నప్పుడు ఇంట్లో అంత తేమ పెట్టకూడదని అప్పుడు తెలిసింది.

చివరికి చేసిందేమిటంటే, బయటి గోడ లేని చిన్న బట్టల గది ఖాళీ చేసి, వీణని పెట్టెతో సహా అందులో పెట్టి, చిన్న హ్యుమిడిఫయర్ ఆ ఒక్క గదికే వేశాం. మా ఆవిడ సాధన కూడా అక్కడే, వేలాడే కోట్ల మధ్య. కోట్ల వల్ల ప్రతిధ్వని ఉండదు, తప్పు స్వరం ఇట్టే దొరికిపోతుంది అంటుంది. మీరు కూడా ఇల్లంతా మార్చాలని చూడకండి, మీ పనికి ఒక చిన్న గదిని మార్చుకోండి.

చలి అంటే గుర్తొచ్చింది, 2024లో భోగికి ముందు రోజు, జనవరి 13 సాయంత్రం, ఇక్కడ మైనస్ 40 దగ్గర్లో ఉంది. నలభై దగ్గర సెల్సియస్, ఫారెన్‌హీట్ రెండూ ఒకటే కాబట్టి వాదనే లేదు. అరిసెలు వేయిస్తుంటే అందరి ఫోన్లూ ఒక్కసారే గీపెట్టాయి, కరెంటు చాలడం లేదు, వాడకం తగ్గించండని ప్రభుత్వం అలర్టు. మాది కరెంటు పొయ్యి. సగం పాకం పిండి అలాగే ఉండిపోయింది. మర్నాడు అది ఎంత గట్టిపడిందంటే అరిసెలు కాదు, చలిమిడి అని చెప్పి పంచిపెట్టాం.

గొంగడి:
అందరూ మైనస్‌లు చెప్తున్నరు కాబట్టి మా ఆదిలాబాద్ సంగతి చెప్పుకోవాలంటే సిగ్గయితుంది, మాకు ఆరేడు డిగ్రీలే. కానీ ఒక్క మాట. మీకు చలి గుమ్మం బయట ఉంటది, మాకు ఇంట్లనే ఉంటది. హీటర్లు లేవు, ఫర్నేసులు లేవు, పైన రేకులు, కింద బండలు. పొద్దుగూకంగనే కుంపటి, దాని చుట్టూ అందరం.

మా నాయనమ్మ చలికాలం మొత్తం బొంతలు కుట్టేది. పాత చీరలు ఐదారు పొరలు పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, అంచు నుంచి లోపలికి చుట్టూ తిరిగి వచ్చేది కుట్టు. మంచి సంగతేందంటే కుడుతున్నంత సేపు ఆ బొంత ఆమె కాళ్ళ మీదనే ఉండేది, పని పనే, కప్పుకున్నట్టూ అయ్యేది. ఆఖరికి కుట్టు మధ్యకి వచ్చేసరికి శివరాత్రి. మా ఇంట్ల ఇప్పటికీ ఒకటుంది, దాంట్ల మా అమ్మ పెండ్లి చీర అంచు ఒక పక్కకు కనబడుతది. పిండికైతే గంజు మీద మూత పెట్టి గొంగడి చుట్టి కుంపటి అవతల పెడుతుండె. అక్కా, మీ జాడీకి కూడా పాత కంబళి చుట్టండి, పైసలు ఖర్చు కాదు.

షికాగో చుక్కలముగ్గు:
ముగ్గుల వాళ్ళెవరూ మాట్లాడలేదేం? మంచు మీద తెల్ల ముగ్గు కనిపించదు కదా, నేను నీళ్ళలో పసుపు కలిపి స్ప్రే సీసాతో వేస్తాను. చెయ్యి తిరగడానికి రెండేళ్ళు పట్టింది, చుక్కలు బాగానే పడతాయి, గీత దగ్గరే చెదిరిపోతుంది. గ్యారేజీలో వేద్దామంటే కారు టైర్ల నుంచి రాలిన రోడ్డు ఉప్పు ముందే తెల్లగా వేసేసి ఉంటుంది ఒక ముగ్గు, దానికి నేను చుక్కలు కలుపుకోవడమే. కలంపుల్లా, మీకు చీకటి వల్ల దిగులుగా ఉంటే మాత్రం ఊరికే ఓర్చుకోకుండా డాక్టరుకి చెప్పండి. నాకు పొద్దున్నే అరగంట పదివేల లక్స్ వెలుతురిచ్చే దీపం ముందు కూర్చోమన్నారు, నాకది పనిచేసింది, దాని ముందే కాఫీ తాగుతాను.

కలంపుల్ల:
మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. బామ్మగారూ, ఫర్నేస్ గదిలో స్టూలు మీద పెట్టాను, గొంగడి తమ్ముడు చెప్పినట్టు పాత దుప్పటి చుట్టాను, హీటరుకి దూరంగానే. తొమ్మిదో రోజుకి సన్నగా నురుగు, పదహారో రోజుకి వాసన. మావారే కిందికెళ్ళి వచ్చి "ఏదో చచ్చింది" అన్నారు, నాకు ప్రాణం లేచొచ్చింది.

నిన్న వడగట్టాను. చూడ్డానికి పల్చగా, చిక్కటి టీ రంగులో ఉంది, ఇది నలుపేమిటని పిల్లాడు నవ్వాడు. కరక్కాయ పాలలో ముంచి ఆరేసిన గుడ్డ లేత పసుపుగా ఉంటుంది కదా (బామ్మగారన్నట్టే రెండున్నర గంటల్లో ఆరింది), దాని మీద వెదురు కలం తగలగానే గీత బూడిద రంగులో మొదలై, వాడు చూస్తుండగానే నల్లబడింది. ఇంకొకటి, ఇంకొకటి అని గుడ్డ అంచంతా వాడే గీతలు గీశాడు. చింతపుల్లల బొగ్గు లేదు, పెన్సిల్‌తోనే నెమలి గీసుకున్నాను, మెడ కొంచెం పొడుగొచ్చింది, బాతులా ఉందంటున్నారు ఇంట్లో.

ఎడ్మంటన్ వీణ గారూ, మీ మాట పట్టుకుని పై బాత్రూము పక్కనున్న చిన్న గది నాకు రాయించుకున్నాను. ఉతకడం మాత్రం ఇంకా తేలలేదు. షవర్ కింద పట్టుకుంటే టబ్బు అడుగున నల్ల మరక పడింది, అద్దె ఇల్లు. నిమ్మకాయతో రుద్దితే కొంత పోయింది. మిగతాది ఎలా పోతుందో ఎవరికైనా తెలుసా?

బేస్‌మెంట్ బామ్మ:
తుప్పు మరకలకి అమ్మే పొడి ఉంటుంది, హార్డ్‌వేర్ షాపులో అడుగు. బ్లీచ్ మాత్రం పొయ్యకు, ఇనుము మరక ఇంకా గట్టిపడి కూర్చుంటుంది. నెమలి ఫోటో పెట్టు ముందు.