ఏడు రాత్రులు, గ్రీసు దీవులు: ఒక్కచోటే ఉండాలా, చుట్టి రావాలా?

గోదారిగట్టు:
మే చివరి వారం, హైదరాబాద్ నుంచి ఐదుగురు: ఇద్దరు పెద్దలు, 8, 13 ఏళ్ల పిల్లలు, 68 ఏళ్ల నాయనమ్మ. ఏజెంటు ఇచ్చిన ప్లాను: ఏథెన్స్ 1, మైకనోస్ 2, పారోస్ 1, సాంటోరిని 3 రాత్రులు. ఆఖరి రోజు పొద్దున సాంటోరిని నుంచి ఏథెన్స్‌కి విమానం, అదే మధ్యాహ్నం గల్ఫ్ మీదుగా ఇంటికి. నాయనమ్మ మెట్లు ఎక్కువ ఎక్కలేరు, తినేది శాకాహారమే. ఇందులో దేన్ని ఉంచాలి, దేన్ని తీసేయాలి?

రేవుమనిషి:
పారోస్, మైకనోస్ రెండూ తీసేయండి. ఒక్క దీవి చాలు.

దీవి మారిన ప్రతిసారీ ఏం జరుగుతుందో లెక్క వేయండి. గది 11 గంటలకి ఖాళీ చేయాలి. కొత్త చోట గది ఇచ్చేది 2కో 3కో. ఓడ ఎక్కడానికి అరగంట ముందే రేవులో ఉండాలి. ఓడ ముందు రేవుల్లోనే ఆలస్యమైతే, నీడ అంతంతమాత్రంగా ఉన్న గట్టు మీద పెట్టెలతో నిలబడాలి. ప్రయాణం గంటన్నరే అయినా పగలు సగం పోతుంది. మీ ప్లానులో ఏథెన్స్ నుంచి మొదలుపెట్టి మూడు మార్పులున్నాయి, అంటే చేతిలో ఉన్న పగళ్లలో ఒకటిన్నర వాటికే ఖర్చు. పారోస్‌లో ఒక్క రాత్రి ఉండటమంటే పెట్టె విప్పి మళ్లీ సర్దుకోవడమే.

ఇంకో సంగతి ఏజెంట్లు చెప్పరు. ఫెర్రీలో సామాను ఎవరూ తీసుకోరు. కార్లు ఎక్కే కింది అంతస్తులో రేవుల పేర్లు రాసిన అరలుంటాయి, మన పెట్టె మనమే అక్కడ పెట్టి పైకి మెట్లెక్కాలి. దిగే రేవు పేరు మైకులో చెప్పగానే మళ్లీ కిందికి రావాలి, ఎందుకంటే మధ్య దీవుల్లో ఓడ ఆగేది కొద్ది నిమిషాలే. నాయనమ్మని ఆ తోపులాటలో మూడుసార్లు దించి ఎక్కించడం భావ్యం కాదు.

తీరందారి:
రేవుమనిషి గారి లెక్క సరే, తీర్పుతో ఒప్పుకోను. ఒక్క దీవి అంటే అందరూ ఎంచుకునేది సాంటోరిని, పిల్లలతో వారం మొత్తం ఉండటానికి అది అనువైన చోటు కాదు. అది అగ్నిపర్వతం పేలి మధ్య భాగం కుంగిపోయాక మిగిలిన అంచు. ఫోటోల్లో చూసే ఇయా, ఫిరా, ఇమెరొవిగ్లి ఆ అంచు మీద ఉన్నాయి, ఇళ్లన్నీ మెట్ల వరసలు. సముద్రంలో దిగాలంటే అవతలి వైపు కమారి, పెరిస్సా వెళ్లాలి. అక్కడ నల్ల ఇసుక, గులకరాళ్లు. ఎండెక్కితే పాదం పెట్టలేం, నీటిలో లోతు తొందరగా వస్తుంది.

రెండు దీవులు పెట్టుకోండి: నాక్సోస్ 3, సాంటోరిని 2, ముందొకటి వెనకొకటి ఏథెన్స్ రాత్రులు. రెండూ ఏథెన్స్ రేవు పిరయస్ నుంచి వచ్చే ఒకే ఓడ దారిలో ఉన్నాయి, వెనక్కి తిరగడం ఉండదు. నాక్సోస్ ఊరి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో అయియోస్ యోర్యోస్ తీరం ఉంది, చాలా దూరం వరకు మోకాలి లోతే, 8 ఏళ్ల పిల్లకి అంతకంటే మంచిది లేదు. ఊళ్లో దిగగానే కనిపించే పాలరాతి ద్వారం పోర్తారా, క్రీస్తుపూర్వం 6వ శతాబ్దంలో మొదలుపెట్టి పూర్తికాని గుడిది. లోపలి పల్లెలు హల్కి, అపీరాన్థోస్ బస్సులో చూసి రావచ్చు.

ఓడ ఎంపిక ఇక్కడ ముఖ్యం. వేగంగా పోయే కాటమరాన్లు బాగా తక్కువ సమయంలో చేరుస్తాయి, కానీ చాలావాటిలో బయట నిలబడే డెక్ ఉండదు, అలలుంటే కడుపు తిప్పేస్తుంది, ధర కూడా బాగా ఎక్కువ. పెద్ద మామూలు ఓడలో పిరయస్ నుంచి నాక్సోస్ ఐదు గంటల పైమాటే, అయినా బయట గాలిలో కూర్చోవచ్చు, పిల్లలు తిరగొచ్చు, పెద్ద ఓడల్లో ఎస్కలేటర్ కూడా ఉంటుంది. నాయనమ్మకి అదే నయం.

పడవలెక్క:
పిరయస్ గురించి ఒక మాట కలుపుతాను. నాక్సోస్, సాంటోరిని ఉన్న సైక్లడీస్ దీవుల గుంపుకి వెళ్లే పెద్ద ఓడలు పొద్దున 7 గంటల ప్రాంతంలోనే బయలుదేరతాయి. విమానాశ్రయం నుంచి పిరయస్‌కి 2022 నుంచి నేరుగా మెట్రో ఉంది, టికెట్ 9 యూరోలు, గంట ప్రయాణం. కానీ తొలి రైలు పట్టుకుని ఆ ఓడ అందుకోవాలనుకోవద్దు. ఎక్స్96 బస్సు రాత్రంతా నడుస్తుంది. అన్నిటికంటే మంచిది, మొదటి రాత్రి ఏథెన్స్ నడిబొడ్డున కాకుండా పిరయస్‌లోనే గది తీసుకోవడం. రేవు చాలా పెద్దది, టికెట్ మీద ఉన్న గేటు నంబరు ముందురోజే చూసుకోండి. తప్పు గేటు దగ్గర దిగితే పెట్టెలతో కిలోమీటరు పైనే నడక.

తీగమామిడి:
రేవుమనిషి, తీరందారి ఇద్దరూ సైక్లడీస్ దాటి ఆలోచించడం లేదు. క్రీట్ ఎందుకు కాదు? ఒక్క దీవే, ఓడ మార్పులు లేవు, క్నోసోస్ ప్రాచీన రాజభవనం, హనియా పాత రేవు, కొండలు, లేత గులాబీ ఇసుక ఉన్న ఎలఫోనిసి, అన్నీ ఉన్నాయి. పిరయస్ నుంచి రాత్రి ఓడ ఎక్కితే తెల్లారేసరికి హెరాక్లియన్‌లోనో హనియాలోనో దిగుతారు. నలుగురు పడుకునే క్యాబిన్ దొరుకుతుంది, ఒక హోటల్ రాత్రి మిగులుతుంది.

రేవుమనిషి:
తీగమామిడి గారూ, క్రీట్ నాకూ ఇష్టమే. కానీ అది 260 కిలోమీటర్ల పొడవు. హనియా నుంచి హెరాక్లియనే 140 కిలోమీటర్లు. కారు లేకపోతే ఎలఫోనిసి లాంటి చోట్లకి రానుపోను రోజంతా బస్సులోనే. కారంటే మన లైసెన్సుతో పాటు ఆర్టీవో ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి, అది ఇక్కడే తీసుకుని వెళ్లాలి, అక్కడ దొరకదు. అద్దె కౌంటర్లో అది అడక్కుండా బండి ఇచ్చినా సంతోషించకండి. ప్రమాదం జరిగితే పర్మిట్ లేదని బీమా చెల్లించరు. బండి కుడివైపు నడపాలి. గేర్లు లేని ఆటోమేటిక్ కార్లు తక్కువ, కాబట్టి ముందుగా బుక్ చేయాలి. 135 సెంటీమీటర్ల లోపు ఎత్తున్న పిల్లలకి ప్రత్యేక సీటు తప్పనిసరి, దానికి అద్దె వేరు. బాలోస్ తీరానికి వెళ్లే మట్టిరోడ్డు మీద టైరు, అడుగుభాగం దెబ్బతింటే సాధారణంగా ఒప్పందంలో బీమా వర్తించదు.

ఐదుగురికి ఐదు పెట్టెలు పట్టాలంటే చిన్న కారు కుదరదు, అదీ చూసుకోండి.

తీగమామిడి:
కారు విషయం ఒప్పుకుంటున్నాను. నడపడానికి సిద్ధంగా లేకపోతే క్రీట్ వద్దు. సిద్ధమైతే మాత్రం హనియాలో నాలుగు, హెరాక్లియన్‌లో రెండు రాత్రులు పెట్టుకోవచ్చు. సమారియా లోయ 16 కిలోమీటర్ల నడక, దిగడం మొదలుపెట్టాక మధ్యలో బయటికి దారి లేదు, నాయనమ్మతో దాని జోలికి పోవద్దు.

తీరందారి:
గాలి విషయంలో అనవసరంగా భయపడేవాళ్లకి ఒక మాట. ఏజియన్ సముద్రంలో ఓడలు ఆపించే ఉత్తరపు గాలి మెల్తెమి, దాని బలం జూలై, ఆగస్టుల్లో. మే చివర అది సాధారణంగా అంత బలంగా ఉండదు. ఈ నెలలో లోటు వేరే: సముద్రం 20 డిగ్రీల దగ్గరే ఉంటుంది, బంగాళాఖాతం అలవాటైన పిల్లలు దిగగానే బయటికి పరుగెడతారు. చలి ఆపే పల్చని ఈత దుస్తులు పెట్టుకోండి.

రేవుమనిషి:
మేలో గాలి తక్కువన్నది నిజం. అయినా వసంతంలో దక్షిణపు గాలులు ఒక్కోసారి బలంగా వీస్తాయి, గాలి బలం చెప్పే బ్యూఫోర్ట్ కొలతలో 8 ప్రాంతానికి చేరితే రేవు అధికారులు ఓడలు ఆపేస్తారు, చిన్న వేగ నౌకలు ఇంకా ముందే ఆగుతాయి. పైగా నావికుల సమ్మెలు ఉంటాయి, మే 1 అయితే దాదాపు ఖాయం. నేను పట్టుబట్టేది ఒక్కటే: అంతర్జాతీయ విమానానికి ముందు రాత్రి ఏథెన్స్‌లో నిద్రపోవాలి. ఏజెంటు రాసిన అదే రోజు విమానం మీద విమానం, రెండూ వేరు వేరు టికెట్లైతే, మొదటిది ఆలస్యమైతే రెండోది మీ సొంత నష్టం.

వంటింటికిటికీ:
శాకాహారం గురించి: అక్కడ తెలుసుకోవలసిన మాట “నిస్తీసిమో”. అంటే వారి ఉపవాస వంట: మాంసం, పాలు, గుడ్డు లేనిది. కానీ ఆక్టోపస్, రొయ్యలు ఉపవాసంలో వాళ్లకి చెల్లుతాయి, కాబట్టి అవీ లేవా అని మళ్లీ అడగాలి. యెమిస్తా (అన్నం కూరిన టమాటా, క్యాప్సికం) రెండు రకాలు, మాంసం లేనిదాన్ని “ఓర్ఫనా” అంటారు. సాంటోరిని ఫావా అచ్చం మన ముద్దపప్పే, పైన ఉల్లిపాయ, ఆలివ్ నూనె. యిగాండెస్ అనే పెద్ద చిక్కుడు గింజలు, బ్రియామ్ అనే కూరగాయల బేకింగ్ కూర కూడా అడగండి. పాలకూర పై, స్పనకోపిటాలో గుడ్డు పడుతుంది, నాయనమ్మ తినరేమో. వంటగది ఉన్న స్టూడియో తీసుకుంటే రోజుకి ఒక పూట అన్నం పప్పు ఇబ్బంది లేకుండా జరిగిపోతుంది. సాంటోరినిలో కుళాయి నీళ్లు తాగరు, సీసాలు కొనాలి.

పడవలెక్క:
ఖర్చులో మరిచిపోయేవి రెండు. ఒకటి, 2025 నుంచి పెరిగిన వాతావరణ రుసుము: ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు గదికి రాత్రికి మూడు నక్షత్రాల హోటల్లో 5, నాలుగైతే 10, ఐదైతే 15 యూరోలు. బుకింగ్ ధరలో సాధారణంగా కలవదు, హోటల్లోనే కడతారు. రెండు గదులు, ఏడు రాత్రులు, నాలుగు నక్షత్రాలంటే 140 యూరోలు.

రెండోది గ్రీసుకి కావలసిన షెంగెన్ వీసా: పెద్దలకి 90, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకి 45 యూరోలు. మీ 13 ఏళ్ల బిడ్డకి పూర్తి ధర. 30,000 యూరోలకి తగ్గని ప్రయాణ బీమా కావాలి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టొచ్చు. మే ప్రయాణమైతే ఫిబ్రవరి లోపు అపాయింట్‌మెంట్ చూసుకోండి, వేసవి సెలవులకి అందరూ ఒకేసారి పడతారు. ఓడ టికెట్లు మార్చుకోవడానికి వీలున్న రకమే కొనండి, వీసా వచ్చేదాకా హోటళ్లు రద్దుచేసుకునే షరతుతోనే.

గోదారిగట్టు:
అందరికీ ధన్యవాదాలండీ. ఇలా మార్చాను: పిరయస్ 1, నాక్సోస్ 3, సాంటోరిని 2, ఏథెన్స్ 1. సాంటోరినిలో ఇయా గది వదిలి కమారిలో చూస్తున్నాం.

తీరందారి:
కమారి మంచిదే, నేల చదునుగా ఉంటుంది. బుక్ చేసే ముందు హోటల్‌కి ఒకే ప్రశ్న పంపండి: రోడ్డు నుంచి గది తలుపు దాకా ఎన్ని మెట్లు? అంకె చెప్పకుండా “కొన్నే” అంటే వేరే హోటల్ చూడండి. ఇంకొకటి, ఆ దీవిలో బస్సులన్నీ ఫిరా మీదుగానే వెళ్తాయి. ఇయాలో సూర్యాస్తమయం చూసి తిరిగి రావాలంటే ఫిరాలో మారాలి, జనం ఒక్కసారే ఎగబడతారు. నాయనమ్మతో అయితే సూర్యుడు దిగకముందే బస్టాండ్‌కి చేరండి, లేదా వెళ్లేటప్పుడే తిరుగు కారు మాట్లాడుకోండి. దీవి మొత్తానికి టాక్సీలు కొద్దిగానే ఉంటాయి.