అమెరికా కళాశాలల బాస్కెట్‌బాల్ టోర్నమెంటు: ఎనిమిది జట్ల నుంచి 68 జట్లకు ఎలా వచ్చింది?

ప్రశ్న: సిరిపురం పాయింట్ గార్డ్

విశాఖపట్నంలోని మా కళాశాల గోడపత్రికలో ఈసారి క్రీడల పుట రాసే బాధ్యత నాకు అప్పగించారు. అమెరికాలో ఏటా మార్చి, ఏప్రిల్ నెలల్లో జరిగే ఎన్‌సీఏఏ (అక్కడి కళాశాలల క్రీడలను నిర్వహించే జాతీయ సంఘం) బాస్కెట్‌బాల్ ఛాంపియన్‌షిప్‌ను విషయంగా తీసుకున్నాను. మా జట్టులో చాలామంది దాన్ని ఇష్టంగా చూస్తారు. అక్కడ సోమవారం రాత్రి జరిగే పురుషుల ఫైనల్ మనకు మంగళవారం పొద్దున ఏడు గంటల ప్రాంతంలో మొదలవుతుంది కాబట్టి ఆ రోజు ప్రాక్టీసు కాస్త ముందే ముగుస్తుంది. అయితే మైకేల్ జోర్డన్ 1982 ఫైనల్‌లో కొట్టిన గెలుపు షాట్‌కు ముందు ఏం జరిగిందని అడిగితే మాలో ఎవరి దగ్గరా జవాబు లేదు.

విజేతల పట్టికలు ఎక్కడైనా దొరుకుతాయి. నాకు కావలసింది కారణాలు. 1939లో ఎనిమిది జట్లతో మొదలైన పోటీని 68 జట్ల దాకా ఎందుకు పెంచారు? మన ఆంధ్ర విశ్వవిద్యాలయం జట్టు సౌత్ జోన్ అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు వెళ్తే, నాకౌట్‌లో నెగ్గి పైకి వచ్చిన జట్లు చివర్లో లీగ్ ఆడతాయి. ఒక ఆట పోయినా కోలుకునే వీలు ఉంటుంది. అక్కడ మాత్రం ఒక్క ఓటమితో ప్రయాణం ముగిసిపోతుంది. అంత కఠినమైన పద్ధతికి అంత ఆదరణ ఎలా వచ్చిందో తెలిసిన పెద్దలు వివరించగలరని కోరుతున్నాను.

జవాబు: ఉక్కునగరం విశ్రాంత పీడీ

బాబూ, మంచి విషయం ఎంచుకున్నావు. అయితే ఆ టోర్నమెంటు పుట్టుకతోనే గొప్పదనుకుంటే చరిత్ర అర్థం కాదు. చిన్న కళాశాలల కోసం కాన్సస్ సిటీలో 1937లోనే ఒక జాతీయ పోటీ మొదలైంది. మరుసటి ఏడాది న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఎన్ఐటీ అనే ఆహ్వాన పోటీ ఆరంభమైంది. పెద్ద నగరం, పెద్ద హాలు, పత్రికలన్నీ చేరువలో ఉండడంతో ఆ రోజుల్లో గౌరవమంతా దానిదే. దానికి దీటుగా దేశం నలుమూలలకూ చోటుండే పోటీ కావాలని ఒహాయో స్టేట్ కోచ్ హెరాల్డ్ ఓల్సెన్ పట్టుబట్టగా, 1939లో కోచ్‌ల సంఘమే పూనుకుని దీన్ని నిర్వహించింది. దేశాన్ని ఎనిమిది జిల్లాలుగా విభజించి ఒక్కొక్క దాని నుంచి ఒక జట్టును తీసుకున్నారు. ఇవాన్‌స్టన్ పట్టణంలో జరిగిన ఫైనల్‌లో ఒరెగాన్ 46-33 తేడాతో గెలిచింది. ఓడిన జట్టు ఎవరిదనుకున్నావు? ఓల్సెన్ శిక్షణ ఇస్తున్న ఒహాయో స్టేట్‌దే. టికెట్ల మీద వచ్చిన డబ్బు ఖర్చులకు చాలక సుమారు 2,500 డాలర్ల నష్టం మిగిలింది. ఆ భారం మోయలేకనే కోచ్‌ల సంఘం పోటీని 1940లో ఎన్‌సీఏఏకు అప్పగించింది.

ఆ తొలి దశాబ్దంలో రెండు పోటీల మధ్య హద్దు ఎంత పలచగా ఉండేదో 1944 నాటి యూటా జట్టును చూస్తే తెలుస్తుంది. ఆ జట్టు న్యూయార్క్ వెళ్లి ఎన్ఐటీలో మొదటి ఆటలోనే ఓడిపోయింది. ఇంతలో రోడ్డు ప్రమాదం కారణంగా ఆర్కన్సా జట్టు ఎన్‌సీఏఏ పోటీ నుంచి తప్పుకోవడంతో ఆ ఖాళీలోకి యూటాను పిలిచారు. వారు డార్ట్‌మత్‌ను ఓవర్‌టైమ్‌లో 42-40తో ఓడించి ఛాంపియన్లు అయ్యారు. తరువాత రెడ్‌క్రాస్ నిధి కోసం జరిగిన ఆటలో ఎన్ఐటీ విజేత సెయింట్ జాన్స్‌ను కూడా ఓడించారు. ఆ జట్టులో వాట్ మిసాకా అనే జపనీస్ అమెరికన్ యువకుడు ఉన్నాడు. జపాన్ మూలాలున్న వేలాది కుటుంబాలను అమెరికా ప్రభుత్వం నిర్బంధ శిబిరాల్లో ఉంచిన కాలమది. అతడి పేరు నీ వ్యాసంలో తప్పక ఉండాలని నా కోరిక.

ఎన్ఐటీ వెనకబడడానికి రెండు సంఘటనలు దారితీశాయి. 1950లో సిటీ కాలేజ్ ఆఫ్ న్యూయార్క్ ఒకే ఏడాది రెండు టైటిళ్లూ గెలిచింది. రెండు ఫైనళ్లలోనూ ప్రత్యర్థి బ్రాడ్లీయే. మరుసటి ఏడాదే జూదగాళ్ల దగ్గర డబ్బు తీసుకుని గెలుపు తేడాను తగ్గించి ఆడారన్న కుంభకోణం బయటపడింది. అందులో ఆ ఛాంపియన్ జట్టు ఆటగాళ్లూ పట్టుబడ్డారు. మాడిసన్ స్క్వేర్ గార్డెన్ చుట్టూ అల్లుకున్న ప్రతిష్ఠ దెబ్బతింది. ఎన్‌సీఏఏ ఫైనల్ మళ్లీ అక్కడ జరగలేదు. రెండవది 1970 నాటిది. తమను సొంత ప్రాంతంలో కాకుండా వేరే ప్రాంతంలో ఆడమన్నారని మార్కెట్ (Marquette) విశ్వవిద్యాలయం ఎన్‌సీఏఏ ఆహ్వానాన్ని తిరస్కరించి, ఎన్ఐటీకి వెళ్లి గెలిచింది. అటుపై ఎన్‌సీఏఏ పిలిచిన జట్టు మరో పోటీకి వెళ్లకూడదన్న నిబంధన వచ్చింది. చివరకు 2005లో ఎన్ఐటీని ఎన్‌సీఏఏయే కొనుగోలు చేసింది.

ఇక నీ అసలు ప్రశ్న. జట్ల సంఖ్య 1951లోనే 16కు పెరిగింది, తరువాత ఇరవై పైచిలుకు దగ్గర నిలకడగా ఉండిపోయింది. ఒక కాన్ఫరెన్స్ (సీజనంతా తమలో తాము ఆడుకునే విశ్వవిద్యాలయాల కూటమి) నుంచి ఒకే జట్టు అన్న నియమం మాత్రం కదలలేదు. దాన్ని కదిలించింది 1974 మార్చిలో జరిగిన ఏసీసీ అనే కాన్ఫరెన్స్ ఫైనల్ అని నేను గట్టిగా చెబుతాను. నార్త్ కరోలినా స్టేట్, మేరీలాండ్ జట్లు ఓవర్‌టైమ్ దాకా పోరాడి 103-100తో ఆట ముగించాయి. దేశంలోనే అత్యుత్తమ జట్లలో ఒకటైన మేరీలాండ్ మూడు పాయింట్ల తేడాతో ఓడి ఇంట్లో కూర్చుంది. గెలిచిన జట్టు అటు తరువాత, అంతకు ముందు వరుసగా ఏడేళ్లు టైటిల్ గెలిచిన యూసీఎల్ఏను కూడా ఓడించి దేశ ఛాంపియన్ అయింది. ఇంత బలమైన జట్టుకు చోటు లేని పోటీని జాతీయ ఛాంపియన్‌షిప్ అని ఎలా పిలుస్తామన్న ప్రశ్నకు ఎవరి దగ్గరా సమాధానం లేకపోయింది. 1975లో జట్లను 32కు పెంచి, ఒక కాన్ఫరెన్స్ నుంచి రెండు జట్లు రావచ్చన్నారు. 1980లో ఆ పరిమితినీ ఎత్తివేసి 48 జట్లు చేశారు. 1985 నాటికి 64 అయ్యాయి. ఆ తరువాత వచ్చిన 65, 68 చిన్న సర్దుబాట్లు మాత్రమే.

ఆ మార్పు ఫలితం 1985లోనే కనిపించింది. చివరి నాలుగు జట్లలో మూడు ఒకే కాన్ఫరెన్స్‌వి. వాటిలో ఎనిమిదో సీడ్ (పోటీకి ముందు బలాన్ని బట్టి జట్టుకు ఇచ్చే ర్యాంకు) అయిన విలనోవా, అంతకు ముందు ఏడాది ఛాంపియన్ అయిన జార్జ్‌టౌన్‌ను 66-64తో ఓడించింది. అప్పటికి పోటీలో షాట్ క్లాక్, అంటే ఇంత సమయంలోగా షాట్ వేయాలన్న గడువు, లేదు. బంతిని ఎంతసేపైనా చేతులు మార్చుకుంటూ, సరైన అవకాశం వచ్చే దాకా ఓపిక పట్టి, విలనోవా ఆట మొత్తంలో వేసిన షాట్లు 28. వాటిలో 22 బుట్టలో పడ్డాయి. రెండో అర్ధభాగంలో ఒక్కటే తప్పింది. ఆ మరుసటి సీజన్ నుంచే 45 సెకన్ల షాట్ క్లాక్ అమలులోకి వచ్చింది. ఒక కాన్ఫరెన్స్‌కు ఒకే జట్టు అన్న పాత నియమమే ఉండి ఉంటే విలనోవాకు ఆ పోటీలో అడుగుపెట్టే అర్హతే దక్కేది కాదు. ఇంతవరకు అంతకంటే కింది సీడ్ జట్టేదీ పురుషుల టైటిల్ గెలవలేదు.

జవాబు: ఎంవీపీ కాలనీ ఫార్వర్డ్

పీడీ గారు చెప్పిన దానికి ఒక ముఖ్యమైన అధ్యాయం చేర్చాలి. ఎన్ని జట్లు ఆడాయన్నదానికంటే ఎవరిని ఆడనిచ్చారన్నది నాకు పెద్ద ప్రశ్నగా తోస్తుంది.

మిసిసిపీ స్టేట్ జట్టు 1959, 1961, 1962లలో తన కాన్ఫరెన్స్‌లో అగ్రస్థానంలో నిలిచి కూడా ఎన్‌సీఏఏ పోటీకి వెళ్లలేదు. నల్లజాతి ఆటగాళ్లున్న జట్లతో తలపడకూడదన్నది ఆ రాష్ట్రంలో రాయని శాసనం. 1963లో కోచ్ బేబ్ మెకార్తీ, విశ్వవిద్యాలయ అధ్యక్షుడు డీన్ కోల్వార్డ్ ఈసారి వెళ్లి తీరాలని నిశ్చయించారు. కోర్టు నుంచి నిషేధపు ఉత్తర్వు వచ్చింది. అది తమ చేతికి అందకముందే ఇద్దరూ రాష్ట్రం దాటిపోయారు. మరునాడు ముందుగా రిజర్వు ఆటగాళ్లను విమానాశ్రయానికి పంపి, అక్కడ ఎవరూ అడ్డుకోవడం లేదని తెలిశాకే మిగిలిన వారిని తీసుకువెళ్లారు. మిషిగన్‌లోని ఈస్ట్ లాన్సింగ్‌లో వారి ప్రత్యర్థి షికాగో లయోలా. ఆ జట్టు మొదటి ఐదుగురిలో నలుగురు నల్లజాతి ఆటగాళ్లు. ఆటకు ముందు రెండు జట్ల కెప్టెన్లు జెర్రీ హార్క్‌నెస్, జో డాన్ గోల్డ్ మైదానం మధ్యకు వచ్చి చేయి కలిపినప్పుడు కెమెరా ఫ్లాష్‌లు ఒక్కసారిగా వెలిగాయి. ఆ కరచాలనపు ఛాయాచిత్రమే నేటికీ ఆ ఆటకు గుర్తుగా మిగిలింది. లయోలా 61-51తో గెలిచి, ఆ తరువాత టైటిల్ కూడా సాధించింది.

అందరూ చెప్పుకునే 1966 ఫైనల్ దీని తరువాతిది. ఎల్ పాసో నుంచి వచ్చిన టెక్సస్ వెస్టర్న్ కోచ్ డాన్ హాస్కిన్స్ ఆ రాత్రి ఏడుగురు ఆటగాళ్లనే దింపాడు. ఏడుగురూ నల్లజాతి వారే. ఎదుట అడాల్ఫ్ రప్ తయారు చేసిన కెంటకీ, అందరూ తెల్లవారు. ఆట మొదట్లోనే డేవిడ్ లాటిన్ ప్రత్యర్థి తల మీదుగా బంతిని బుట్టలో గుచ్చాడు. కొద్దిసేపటికి గార్డ్ బాబీ జో హిల్ కెంటకీ గార్డ్‌లు డ్రిబుల్ చేస్తూ తెస్తున్న బంతిని వెంటవెంటనే రెండుసార్లు లాక్కుని, ఒంటరిగా పరుగెత్తి లే-అప్ చేశాడు. 72-65తో ఆట ముగిసింది. మరుసటి ఏడాది చివర్లో మొదలైన సీజన్‌లో వాండర్‌బిల్ట్ తరఫున పెర్రీ వాలెస్ బరిలోకి దిగి, కెంటకీ ఉన్న అదే కాన్ఫరెన్స్‌లో సీనియర్ జట్టుకు ఆడిన తొలి నల్లజాతి ఆటగాడయ్యాడు.

లాటిన్ చేసిన డంక్ అంటే మనవాళ్లకు ప్రాణం కదా. కళాశాల ఆటలో దాన్ని 1967లో నిషేధించి దాదాపు పదేళ్ల పాటు అనుమతించలేదు. అప్పటికి యూసీఎల్ఏలో ల్యూ అల్సిండర్, అంటే తరువాతి కరీమ్ అబ్దుల్ జబ్బార్, ఎవరికీ అందని ఎత్తులో ఆడుతున్నాడు.

ప్రశ్నకర్త: సిరిపురం పాయింట్ గార్డ్

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. పీడీ మాస్టారూ, మరొక్క సందేహం. యూసీఎల్ఏ 1967 నుంచి 1973 వరకు వరుసగా ఏడు టైటిళ్లు గెలిచిందని చదివాను. ఒక్క ఆట పోతే ఇంటికి వెళ్లాల్సిన పోటీలో అది ఎలా సాధ్యమైంది? ఇప్పుడు ఎందుకు సాధ్యం కావడం లేదు?

జవాబు: ఉక్కునగరం విశ్రాంత పీడీ

జాన్ వుడెన్ శిక్షణలో ఆ జట్టు 1964 నుంచి 1975 వరకు పన్నెండేళ్లలో పది టైటిళ్లు గెలిచింది. ఆయన క్రమశిక్షణ, అల్సిండర్, ఆ తరువాత బిల్ వాల్టన్ వంటి సెంటర్లు ప్రధాన కారణం. దాన్ని తగ్గించి చెప్పడం న్యాయం కాదు. అయినా పోటీ స్వరూపాన్ని కూడా చూడాలి. అప్పట్లో బలమైన కాన్ఫరెన్స్ విజేతకు మొదటి రౌండ్‌లో బై, అంటే ఆడకుండానే తరువాతి రౌండ్‌కు వెళ్లే వీలు, దొరికేది కాబట్టి నాలుగు ఆటలు గెలిస్తే టైటిల్ చేతికి వచ్చేది. ఏ ప్రాంతపు జట్లు ఆ ప్రాంతంలోనే ఆడేవి, అందువల్ల తూర్పున ఉన్న గట్టి జట్లన్నీ పశ్చిమాన ఉన్న యూసీఎల్ఏకు చివరి దాకా తగిలేవి కావు. ఇప్పుడు సీడింగ్ ప్రకారం జట్లను దేశమంతటా పంచుతారు, ఆరు ఆటలు వరుసగా గెలవాలి. అందులో ఒక్క రోజు షాట్లు పడకపోతే చాలు. 1985 నుంచి ఒకటో సీడ్ మీద 16వ సీడ్ వరుసగా 135 సార్లు ఓడిన తరువాత, 2018లో యూఎంబీసీ అనే చిన్న విశ్వవిద్యాలయం వర్జీనియాను 74-54తో ఓడించింది. అదే వర్జీనియా మరుసటి ఏడాది ఛాంపియన్‌గా నిలిచింది. మన సౌత్ జోన్ పద్ధతిలో మెరుగైన జట్టు పైకి వచ్చే అవకాశం ఎక్కువ, శిక్షకుడిగా నేను దానికే ఓటు వేస్తాను. అయితే చిన్న కళాశాల పేరు రాత్రికి రాత్రి దేశమంతా మారుమోగేది మాత్రం నాకౌట్‌లోనే. ఆ పోటీకి అంత మంది చూపరులు రావడానికి కారణం అదేనని నా అభిప్రాయం.

జవాబు: బీచ్ రోడ్ షూటర్

నేను మహిళల జట్టుకు ఆడాను కాబట్టి ఈ చర్చలో వారి ఊసే రాకపోవడం నాకు బాధ కలిగించింది. ఎన్‌సీఏఏ మహిళలకు టోర్నమెంటు పెట్టింది 1982లో, అంటే పురుషుల పోటీ మొదలైన 43 ఏళ్లకు. అప్పటి వరకు ఆ బాధ్యత మోసింది ఏఐఏడబ్ల్యూ అనే మహిళల సంఘం. 1972 నుంచి అది జాతీయ పోటీలు నిర్వహించగా, పెన్సిల్వేనియాలోని ఇమాక్యులాటా అనే చిన్న క్యాథలిక్ కళాశాల మొదటి మూడేళ్లూ గెలిచింది. అదే 1972లో విద్యాసంస్థల్లో లింగ వివక్షను నిషేధించే టైటిల్ నైన్ చట్టం వచ్చింది. ఆ చట్టం క్రీడలకు వర్తించకుండా చూడాలని ఎన్‌సీఏఏ తొలుత ప్రయత్నించింది. తరువాత తానే మహిళల ఛాంపియన్‌షిప్ ప్రారంభించగా, ఏఐఏడబ్ల్యూ నిలవలేక మూతపడింది. తొలి ఫైనల్‌లో లూసియానా టెక్ 76-62తో ఛేనీ స్టేట్‌ను ఓడించింది. ఓడిన ఛేనీ నల్లజాతి విద్యార్థుల కోసం స్థాపించిన చరిత్రాత్మక విద్యాసంస్థ. వివియన్ స్ట్రింగర్ దాని కోచ్.

దూరం అంతటితో తగ్గలేదు. కోవిడ్ వల్ల 2020లో రెండు పోటీలూ రద్దయ్యాయి. 2021లో పురుషుల జట్లకు ఇండియానాలో హాలు నిండా వ్యాయామ పరికరాలు అమర్చగా, శాన్ ఆంటోనియోలో మహిళలకు ఒక చిన్న స్టాండు మీద కొన్ని డంబెల్స్ మాత్రమే పెట్టారు. ఒక క్రీడాకారిణి ఆ గదిని, పక్కనే ఖాళీగా పడి ఉన్న స్థలాన్ని ఫోన్‌లో చిత్రీకరించి లోకానికి చూపింది. దాని మీద బయటి న్యాయవాదులతో విచారణ జరిపించారు. 2022 నుంచి మహిళల పోటీకి కూడా 68 జట్లు, అంతవరకు పురుషుల పోటీకే వాడిన మార్చ్ మ్యాడ్‌నెస్ అన్న పేరు వాడుకునే హక్కు దక్కాయి. రెండేళ్లకు, 2024లో, సౌత్ కరోలినా, అయోవా జట్ల మహిళల ఫైనల్‌ను అమెరికాలో సగటున 1 కోటి 80 లక్షల మందికి పైగా చూశారు. ఆ ఏడాది పురుషుల ఫైనల్‌కు వచ్చింది 1 కోటి 48 లక్షలు. మహిళల ఫైనల్ పురుషులదాన్ని దాటడం అదే మొదటిసారి.

తమ్ముడూ, గోడపత్రికలో మహిళల చరిత్రను చివరి పేరాకు నెట్టవద్దు. 1974 నాటి మేరీలాండ్ ఓటమి గురించి రాసేటప్పుడే, అదే వసంతంలో ఇమాక్యులాటా మూడో టైటిల్ గెలిచిందని రాయి. రెండు కథలూ ఒకే కాలంలో నడిచాయి కాబట్టి ఒకే వరుసలో చెప్పవచ్చు.