మెడ తిప్పితే కళ్లు తిరుగుతున్నాయి, ఆపరేషన్ తప్పదా?

తెనాలి కుర్రాడు:
నాన్నగారికి 64. కారు రివర్స్ చేస్తూ ఎడమ భుజం మీదుగా వెనక్కి చూస్తే కళ్లు బైర్లు కమ్ముతాయి. తల ముందుకు తిప్పగానే సర్దుకుంటుంది. మొన్న ఎవరో పిలిస్తే వెనక్కి తిరిగి చూసి అలాగే కూలబడ్డారు. మొదట స్పాండిలైటిస్ అన్నారు, కాలర్ పెట్టారు. ఎమ్మారై బాగానే ఉంది. చివరికి తల తిప్పి ఉంచి యాంజియోగ్రామ్ తీస్తే అసలు సంగతి బయటపడింది. ఎడమకు తిరిగినప్పుడు కుడి వెర్టిబ్రల్ ఆర్టరీ (మెడ ఎముకల గుండా మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళం) మెడలోని మొదటి, రెండో ఎముకల దగ్గర నొక్కుకుపోతోంది. ఎడమవైపు రక్తనాళం పుట్టుకతోనే సన్నం. ఆ రెండు ఎముకలనూ స్క్రూలతో కలిపేస్తామంటున్నారు. ఈయనేమో "తిరిగి చూడ్డం మానేస్తే పోలా, మెడ కోయించుకోవడం ఎందుకు" అంటారు. ఎవరికైనా ఇది జరిగిందా?

గోదారి గట్టు:
మా వైపు మెడ పట్టి ఒక్క విరుపుతో సరిచేసే ఆయన ఉన్నాడు. ఒకసారి చూపించండి.

న్యూరో పీజీ:
పైన చెప్పింది దయచేసి చేయించకండి. అలా విరిస్తే రక్తనాళం లోపలి పొర చిరిగి పక్షవాతం రావచ్చు.

పడుకుని పక్కకు దొర్లినప్పుడు గిర్రున తిరిగితే చాలావరకు అది చెవి సమస్యే, ఆపరేషన్ అక్కర్లేదు. మీ నాన్నగారిది వేరు. కూర్చుని మెడ తిప్పితే వస్తోంది, యాంజియోలో కనిపించింది కూడా. దీన్ని బో హంటర్ సిండ్రోమ్ అంటారు. విల్లు ఎక్కుపెట్టి తల పక్కకు తిప్పి సాధన చేసిన ఒకాయనకు స్ట్రోక్ వచ్చిందని 1978లో రాశారు, ఆ పేరు అలా పడింది. ఎదుటివైపు నాళం బాగుంటే అదే రక్తం అందించేది. మీ కేసులో ఆ ఆసరా లేదు.

ఉషారాణి, కాకినాడ:
బాబూ, నాకు అదే చోట ఫ్యూజన్, అంటే ఎముకలు కలిపే ఆపరేషన్, చేశారు. కళ్లు తిరగడం పోయింది, అందులో సందేహం లేదు. కానీ తల తిరిగేది సగానికి సగం ఆ రెండు ఎముకల మధ్యే. ఇప్పుడు పక్కన కూర్చున్నవాళ్లతో మాట్లాడాలంటే నడుము దాకా తిరగాలి. మా ఆయన దీనికి నవ్వుతారు, నవ్వనీ. తల వెనక కొంచెం మొద్దుబారినట్టు ఉంటుంది. బండి మాత్రం మానేశాను.

మీరు సర్జన్ గారిని ఒకటి గట్టిగా అడగండి: ఎముకలు కలపకుండా, నాళాన్ని నొక్కుతున్న ఎముకను మాత్రమే తీసి దారి వెడల్పు చేసే వీలుందా? మెడ కదలిక మిగులుతుంది. కాకపోతే కొందరికి మళ్లీ నొక్కుకునే అవకాశం ఉందట, అందుకే నాకు వద్దన్నారు. మీ నాన్నగారి ఎముకల తీరు వేరు కావచ్చు. అలా చేస్తే ఆపరేషన్ తర్వాత తల తిప్పి మళ్లీ యాంజియో తీస్తారా అనీ అడగండి.

ఇక "తిరిగి చూడ్డం మానేస్తా" అనేది పగలు కుదురుతుందేమో. నిద్రలో మెడను ఎవరు కాపలా కాస్తారు?

తెనాలి కుర్రాడు:
ఆంటీ, మీ చివరి మాట చదివి వినిపించాను. ఏమీ అనలేదు, కారు తాళాలు మాత్రం నాకిచ్చారు. సోమవారం వెళ్తున్నాం. రక్తం పలచబడే బిళ్లలు వాడుతున్నారు, ఎప్పుడు ఆపాలో కూడా అడుగుతాను.

న్యూరో పీజీ:
అడగండి. అప్పటిదాకా సొంతంగా ఒక్క డోసు కూడా మానొద్దు.