చేనేత చీరల కేటలాగుకు ఓపెన్‌సీవీ ఒక్కటే సరిపోతుందా?

పేట_ప్రోగ్రామర్, నారాయణపేట

మా పట్టణంలోని ఒక చేనేత సంఘం వారు చిన్న సాఫ్ట్‌వేర్ ఒకటి తయారు చేసిపెట్టమని అడిగారు. మగ్గం దిగిన చీరలను వారు ఫోన్లతో ఫొటోలు తీసి ఒక ఫోల్డర్‌లో వేస్తారు. ప్రోగ్రాము వాటి సైజు తగ్గించి, కింద చీర పేరు, ధర తెలుగులో వేసి, వాట్సాప్‌లో పంపడానికి సిద్ధంగా ఉంచాలి. నాకు పైథాన్ వచ్చు, కాలేజీ ప్రాజెక్టులో ఓపెన్‌సీవీ అనే ఫొటోల లైబ్రరీ (ప్రోగ్రాములో కలుపుకునే సిద్ధమైన కోడ్) వాడాను. ఫొటోల పని ఏదైనా దానితోనే చేయాలని కొందరు మిత్రులు అంటుంటే, ఈ పనికి అది తగదని మరికొందరు అంటున్నారు. సంఘం దగ్గర లైసెన్సులకు పెట్టే డబ్బు లేదు కాబట్టి ఏది వాడినా ఓపెన్ సోర్స్ అయి ఉండాలి. మీ అభిప్రాయాలను కారణాలతో సహా చెప్పగలరు.

పాలమూరు_విజన్, మహబూబ్‌నగర్

ఓపెన్‌సీవీయే వాడండి. ఇంటెల్ సంస్థలో 1999లో మొదలైన లైబ్రరీ అది, ఇన్నేళ్లుగా ఎందరి చేతుల్లోనో నలిగి గట్టిపడింది. 4.5 వెర్షన్ నుంచి అపాచీ 2 లైసెన్సు కిందికి వచ్చింది కనుక రేపు సంఘం ఈ సాఫ్ట్‌వేర్‌ను మరొకరికి అమ్ముకున్నా అడ్డు చెప్పేవారు ఉండరు. ఇవాళ సైజు తగ్గించమని మాత్రమే అడిగారు. రేపు చీర వెనుక కనిపిస్తున్న గోడను తీసేయమంటారు, ఎల్లుండి అంచు రంగును బట్టి చీరలను వేరు చేయమంటారు. అప్పుడు మళ్లీ కొత్త లైబ్రరీ వెతుక్కోవడం దేనికి? పైగా మన జిల్లా పిల్లలను ఉద్యోగాల ఇంటర్వ్యూలలో అడిగేది ఓపెన్‌సీవీ గురించే కానీ పిల్లో అనే పైథాన్ ఫొటో లైబ్రరీ గురించి కాదు.

నల్లగొండ_పిక్సెల్, నల్లగొండ

విజన్ గారి చివరి మాట ఉద్యోగం వెతుక్కునేవారికి ఉపయోగపడుతుంది, చీర అమ్ముకునేవారికి ఉపయోగపడదు. ఓపెన్‌సీవీ పుట్టిందే ఫొటోలో ఏముందో కంప్యూటరు గుర్తుపట్టడానికి. ఇక్కడ ఫొటోను చూడవలసింది చీర కొనే మనిషి. ఆ మనిషి కంటికి అక్షరం, నేత, రంగు సరిగ్గా కనిపించాలి, ఈ కొలతతో చూస్తే ఓపెన్‌సీవీ వెనుకబడుతుంది.

అక్షరాల సంగతి ముందు చూద్దాం. ఓపెన్‌సీవీలో అందరూ వాడే పుట్‌టెక్స్ట్ ఫంక్షన్ హెర్షీ అనే పాతకాలపు గీతల ఫాంట్లతో రాస్తుంది, వాటిలో తెలుగు లేదు. "నారాయణపేట" అని ఇస్తే వరుసగా ప్రశ్నార్థకాలు వస్తాయి. పిల్లోకు నోటో శాన్స్ తెలుగు వంటి ఫాంటు ఇస్తే అక్షరాలైతే పడతాయి కానీ అక్కడా ఒక మెలిక ఉంది. ఏ హల్లు కింద ఏ ఒత్తు ఎక్కడ కూర్చోవాలో ఫాంటులోని నియమాలను చదివి నిర్ణయించేది హార్ఫ్‌బజ్, ఆ పనిని పిల్లోకు అందించేది రాక్మ్ అనే చిన్న లైబ్రరీ. రాక్మ్ అందుబాటులో లేకపోతే పిల్లో బేసిక్ లేఅవుట్‌కు మారి, అక్షరాలను విడివిడిగా పక్కపక్కన పేర్చుకుంటూ పోతుంది. "గద్వాల" కాస్తా "గద్‌వాల" అవుతుంది, "పట్టు" కాస్తా "పట్‌టు" అవుతుంది. ఎర్రర్ ఏదీ రాదు కనుక తెలుగు చదవలేని ప్రోగ్రామర్ దాన్ని అలాగే పంపించేస్తాడు. మన ఊళ్లలో ఫ్లెక్సీల మీద ఇలాంటి తెలుగును చూస్తూనే ఉన్నాము. పిల్లోలోని ఫీచర్స్ మాడ్యూల్‌ను అడిగితే రాక్మ్ ఉన్నదో లేదో చెబుతుంది, ప్రోగ్రాము మొదలు కాగానే ఆ ఒక్క వరుస రాసుకుంటే ఈ బాధ తప్పుతుంది.

నేత సంగతి మీ ఊరికి మరీ ముఖ్యం, ఎందుకంటే నారాయణపేట చీర అనగానే గళ్లు గుర్తుకు వస్తాయి. 4000 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటోను 1000కి తగ్గిస్తే కొత్త బొమ్మలోని ఒక్కొక్క పిక్సెల్‌కు పాత బొమ్మలో పదహారు పిక్సెళ్లు ఉంటాయి. ఓపెన్‌సీవీ రీసైజ్ ఫంక్షన్‌ను ఏ ఆప్షనూ ఇవ్వకుండా పిలిస్తే, అది ఆ పదహారింటిలో నాలుగింటినే చూసి తక్కినవాటిని వదిలేస్తుంది. సాదా గోడ మీద ఆ నష్టం కనిపించదు. సన్నని గళ్ల మీద మాత్రం చీరలో ఎక్కడా లేని వంకర అలలు తేలుతాయి, కొనేవారు దాన్ని నేతలో లోపమని అనుకుంటారు. పిల్లో 2.7 వెర్షన్ నుంచి, సైజు ఎంత తగ్గిస్తే అంత విస్తీర్ణాన్ని లెక్కలోకి తీసుకుంటోంది. కమాండులతో ఫొటోలను మార్చే ఇమేజ్‌మ్యాజిక్ కూడా మామూలు ఫొటోల సైజు తగ్గించేటప్పుడు తనంతట తానే, చుట్టుపక్కల పిక్సెళ్లనూ లెక్కలోకి తీసుకునే లాంజోస్ ఫిల్టర్‌ను ఎంచుకుంటుంది.

ఇక రంగు. ఐఫోన్లు 2016లో వచ్చిన 7వ మోడల్ నుంచి డిస్‌ప్లే పీ3 అనే విశాలమైన రంగుల పరిధిలో ఫొటో తీసి, ఆ సంగతిని ఫైలులో ఐసీసీ ప్రొఫైల్‌గా రాసిపెడుతున్నాయి. ఓపెన్‌సీవీ మామూలుగా ఫొటో తెరిచేటప్పుడు ఆ ప్రొఫైల్‌ను పట్టించుకోదు. అది ఊడిపోయిన ఫొటోను తెర మామూలు రంగుల పరిధి అయిన ఎస్‌ఆర్‌జీబీగా చదివితే, నిండైన కుంకుమరంగు చీర రెండు ఉతుకులు పడినట్లు కనిపిస్తుంది. పిల్లో సైతం జేపెగ్‌ను సేవ్ చేసేటప్పుడు మనం అడిగితే తప్ప ప్రొఫైల్‌ను రాయదు, అయితే అందులో ఇమేజ్‌సీఎంఎస్ మాడ్యూల్ ఉంది. దానితో రంగులను ముందే ఎస్‌ఆర్‌జీబీకి మార్చి సేవ్ చేసుకోవచ్చు.

పాలమూరు_విజన్, మహబూబ్‌నగర్

పిక్సెల్ గారు చెప్పిన అలల సమస్యకు మందు ఓపెన్‌సీవీలోనే ఉంది. ఇంటర్_ఏరియా అనే ఆప్షన్ ఇస్తే పదహారు పిక్సెళ్ల సగటూ తీసుకుంటుంది. డాక్యుమెంటేషన్ చదవకుండా వాడి లైబ్రరీని తప్పుపట్టడం న్యాయం కాదు. అక్షరాలకు కూడా అదనపు మాడ్యూళ్లలో ఫ్రీటైప్ ఉంది, అదీ హార్ఫ్‌బజ్ మీదే నడుస్తుంది. మీరు మెచ్చుకున్న రాక్మ్ మాత్రం విండోస్‌లో చేయి చాపగానే అందుతుందా? పిల్లోతో పాటు రాక్మ్ వచ్చినా, దానికి కావలసిన ఫ్రిబిడీ ఫైలును వేరుగా తెచ్చి పెట్టుకోవలసి వస్తుంది. సంఘం గుమాస్తా కంప్యూటరులో ఆ పని ఎవరు చేస్తారు? రంగు విషయంలో మాత్రం మీతో వాదించను.

గద్వాల_సర్వర్, గద్వాల

ఇద్దరూ పైథాన్ దాటి బయటికి రాలేదు. కేవలం సైజు తగ్గించి పేరు వేయడానికైతే ఇమేజ్‌మ్యాజిక్ కమాండు ఒక్కటి చాలు. ఫోన్ అడ్డంగా పట్టుకున్న ఫొటోను అది ఆటో ఓరియెంట్ ఆప్షన్‌తో నిలబెడుతుంది, అక్షరాలను కూర్చే పాంగో అనే లైబ్రరీతో కలిపి బిల్డ్ చేసిన కాపీ అయితే తెలుగు ఒత్తులనూ సరిగ్గా కూర్చోబెడుతుంది.

అయితే ఈ సాఫ్ట్‌వేర్‌ను రేపు వెబ్‌సైటుగా మార్చి ఎవరైనా ఫొటోలు అప్‌లోడ్ చేసేలా తెరిచిపెడితే నా సలహా మారుతుంది. 2016 మే నెలలో ఇమేజ్‌ట్రాజిక్ పేరుతో బయటపడిన లోపం సంగతి అదే. ఫొటో ముసుగులో వచ్చిన ఫైలు సర్వర్‌లో ఏ కమాండునైనా నడిపించగలిగింది. అక్కరలేని ఫార్మాట్లను పాలసీ ఫైలులో మూసివేయకుండా ఇమేజ్‌మ్యాజిక్‌ను బయటి జనానికి తెరవకూడదు. పిల్లోకు కూడా ఈ జాగ్రత్త తప్పదు. 2023 సెప్టెంబరులో, వెబ్‌పీ రకం ఫొటోలను చదివే లిబ్‌వెబ్‌పీలో పెద్ద లోపం దొరికింది. పైథాన్ లైబ్రరీలను దించే పిప్‌తో తెచ్చుకున్న పిల్లోలో లిబ్‌వెబ్‌పీ లోపలే కలిసి వస్తుంది కాబట్టి, ఆపరేటింగ్ సిస్టమ్‌ను అప్‌డేట్ చేసినంత మాత్రాన అది మారలేదు, పిల్లోనే 10.0.1కు పెంచుకోవలసి వచ్చింది.

సర్వర్ పనికి నేను లిబ్‌విప్స్ అనే మరో ఫొటో లైబ్రరీ వాడతాను. 48 మెగాపిక్సెళ్ల ఫొటోను పూర్తిగా విప్పితే మెమరీలో 144 మెగాబైట్లు ఆక్రమిస్తుంది. లిబ్‌విప్స్ మొత్తం విప్పకుండా కొద్దికొద్దిగా చదువుతూ పని చేసుకుపోతుంది. దాని మూలాలు లండన్ నేషనల్ గ్యాలరీ పాలుపంచుకున్న వసారి ప్రాజెక్టులో ఉన్నాయి. పాత చిత్రపటాల రంగులను కచ్చితంగా కొలవడానికి పెట్టుకున్న ప్రాజెక్టు కనుక, రంగుల ప్రొఫైళ్ల మీద శ్రద్ధ దానికి పుట్టుకతోనే వచ్చింది.

పుట్టపాక_ఇక్కత్, సంస్థాన్ నారాయణపురం

నేను ప్రోగ్రామర్‌ను కాను, మా ఇంట్లో ఇక్కత్ నేతలో తేలియా రుమాలు నేస్తారు. ఏ లైబ్రరీ వాడినా ఒక్క విన్నపం. ఫొటో చిన్నది చేశాక షార్ప్ చేసే అలవాటు చాలామందికి ఉంది. పోగులకు ముందే రంగు అద్ది నేస్తాము కనుక ఇక్కత్‌లో ప్రతి ఆకారం అంచూ కొద్దిగా మసకగా, ఈకలా ఉంటుంది. ఆ మసకను గీసినట్లు పదునుపెడితే మా నేత ప్రింటు బట్టలా కనిపిస్తుంది, ప్రింటు ధరకే అడుగుతారు.

నల్లగొండ_పిక్సెల్, నల్లగొండ

పుట్టపాక వారి మాట నాకు తట్టలేదు, ధన్యవాదాలు. షార్ప్ చేయడం అసలు వద్దు, గళ్ల చీరలకైనా సరే.

విజన్ గారూ, ఇంటర్_ఏరియా ఉందని నాకు తెలుసు. ఏ ఆప్షనూ ఇవ్వనప్పుడు ఏది జరుగుతుందన్నదే నా అభ్యంతరం. సంఘం ప్రోగ్రామును రేపు మరో కుర్రవాడు మారుస్తాడు, ఆ ఒక్క పదం ఎగిరిపోతే అలలు తిరిగి వస్తాయి. ఫ్రిబిడీ విషయంలో మీరన్నది నిజమే. ఆ ఫైలును ఇన్‌స్టాలర్‌లోనే కలిపి ఇస్తే గుమాస్తాకు పని ఉండదు.

పేట_ప్రోగ్రామర్, నారాయణపేట

అందరికీ కృతజ్ఞతలు. సంఘం కంప్యూటరు విండోస్‌ది, వెబ్‌సైటు ఆలోచన ఇప్పట్లో లేదు. కనుక పిల్లోతోనే మొదలుపెడుతున్నాను. ముందు ఫొటోను నిలబెట్టి, ఎస్‌ఆర్‌జీబీకి మార్చి, లాంజోస్‌తో చిన్నది చేసి, చివర పేరు వేస్తాను. రాక్మ్ లేకపోతే ప్రోగ్రాము ముందుకు కదలకుండా ఆగిపోతుంది. గోడ తీసేయమని అడిగిన రోజున ఆ ఒక్క మెట్టులో ఓపెన్‌సీవీని తెచ్చుకుంటాను.

పాలమూరు_విజన్, మహబూబ్‌నగర్

రెండు లైబ్రరీలు కలిపితే రెండింతల తిప్పలని నేను ఇప్పటికీ అంటాను. సరే, ఆ రోజు వస్తే ఒకటి గుర్తుంచుకోండి. పిల్లో రంగులను ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరుసలో ఇస్తుంది, ఓపెన్‌సీవీ నీలం ముందు వస్తుందని అనుకుంటుంది. మధ్యలో వరుస మార్చకుండా ఓపెన్‌సీవీతోనే సేవ్ చేస్తే ఎర్ర చీర నీలంగా బయటికి వస్తుంది.