ఒరిజినల్ ప్రెస్సింగా, రీఇష్యూనా? జాజ్, రాక్ అభిమాని డబ్బు దేనిమీద పెట్టాలి?

డెడ్‌వ్యాక్స్:
వేరే చర్చలో ఒకాయన "రీఇష్యూలు కొనేవాళ్ళు కలెక్టర్లు కారు, జిరాక్సులు దాచుకునేవాళ్ళు" అని రాశారు. అక్కడ వాదనకు దిగితే అసలు టాపిక్ గాలికి పోతుందని ఇక్కడ విడిగా పెడుతున్నా.

నేను రీఇష్యూల పక్షం, అంటే పాత ఆల్బమ్‌ను తర్వాత మళ్ళీ అచ్చేసి వదిలినవి. ఆల్బమ్ మొదట వచ్చినప్పుడు అచ్చేసిన కాపీ ఒరిజినల్ ప్రెస్సింగ్. కారణం చెప్పడానికి అందరికీ తెలిసిన రికార్డే తీసుకుంటా. జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ'. 1959లో న్యూయార్క్‌లో కొలంబియా వాళ్ళ 30వ వీధి స్టూడియోలో రెండు రోజుల్లో రికార్డు చేశారు: మార్చి 2, ఏప్రిల్ 22. మార్చి సెషన్లో వాయించిన మూడు పాటలే ఎల్‌పీ మొదటి వైపు మొత్తం. ఆ రోజు అసలు టేపు మెషిన్ కాస్త నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా రికార్డైన టేపును సరైన వేగంతో నడిపే మెషిన్ మీద వేస్తే పాట పరిగెడుతుంది, శ్రుతి పైకి పోతుంది. ఎల్‌పీలోకి వెళ్ళింది అదే. ముప్పై ఏళ్ళకు పైగా ప్రపంచమంతా ఆ తప్పుడు శ్రుతినే విన్నది. పక్కనే ఇంకో మెషిన్ మీద నడిచిన సేఫ్టీ టేపు మాత్రం సరైన వేగంతో ఉంది. దాన్ని బయటికి తీసి 1992 రీఇష్యూలో మొదటిసారి సరిచేశారు.

నమ్మకం లేకపోతే కీబోర్డు ముందు కూర్చోండి. అందులో మొదటి పాట 'సో వాట్'లో బేస్ ఒక ప్రశ్నలాంటి వరస వాయిస్తే మిగతావాళ్ళు రెండు కార్డులతో (ఒకేసారి మోగే స్వరాల గుంపులతో) జవాబిస్తారు కదా, అక్కడ డి స్వరం నొక్కండి. పాత ప్రెస్సింగ్‌తో మీ కీ సరిగ్గా కలవదు, చెవిలో కాస్త గీరుకుంటుంది. సరిచేసినదాంతో హాయిగా కూర్చుంటుంది.

ఇప్పుడు చెప్పండి, లక్షలు పోసి కొన్న 1959 కాపీలో ఉన్నది ఒరిజినలా? మైల్స్ బృందం వాయించింది ఒకటి, ఫ్యాక్టరీ అచ్చేసింది ఇంకొకటి. నేను రికార్డు కంపెనీల దగ్గర కోరేది ఒక్కటే. ఏ టేపు నుంచి తీశారు, లక్కర్ (రికార్డులు అచ్చేయడానికి ముందు గీతలు కోసే మూల పళ్ళెం) ఎవరు కోశారు, మధ్యలో డిజిటల్ దశ ఉందా లేదా అన్నది జాకెట్ (రికార్డు అట్టకవరు) వెనక రెండు లైన్లలో రాయండి. ఆ రెండు లైన్లుంటే ప్రెస్ చేసిన ఏడాదితో నాకు పనిలేదు.

మోనో మామ:
తమ్ముడూ, నువ్వు చెప్పింది నిజమే, కానీ ఒక్క రికార్డులో దొర్లిన పొరపాటు చూపించి మొత్తం ఒరిజినల్స్‌ను కొట్టిపారేస్తే ఎలా?

జాజ్ రికార్డుల కంపెనీ బ్లూ నోట్ సంగతి చూడు. వాళ్ళ రికార్డింగ్ ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్ న్యూజెర్సీ హ్యాకెన్‌సాక్‌లో అమ్మానాన్నల ఇంటి హాల్లోనే రికార్డింగ్ చేసేవాడు. 1959లో ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో సొంత స్టూడియో కట్టుకున్నాడు. రికార్డు చేసేదీ ఆయనే, చాలావాటికి లక్కర్ కోసేదీ ఆయనే. అందుకే లేబుల్‌కీ చివరి గీతకీ మధ్య నున్నగా ఉండే ఖాళీ జాగాలో, దాన్నే డెడ్‌వ్యాక్స్ అంటారు, మన తమ్ముడు పెట్టుకున్న పేరు అదే, 'ఆర్‌వీజీ' అని ఉంటుంది. పాత ప్రెస్సింగ్ అయితే పక్కనే చెవి ఆకారంలో చిన్న గుర్తు కూడా కనిపిస్తుంది. ఆ రికార్డులు ప్రెస్ చేసిన ప్లాస్టిలైట్ ఫ్యాక్టరీ వాళ్ళ పీ అక్షరం అది. బ్లూ నోట్‌ను లిబర్టీ అనే కంపెనీ కొనేశాక, 1966 నుంచి ఆ చెవి లేదు. ఫోను టార్చి పక్కవాటంగా పట్టి, రికార్డును మెల్లగా తిప్పితే వెలుగులో తేలుతుంది. ఆ గుర్తు కనిపించినప్పుడు కలిగే ఆనందం నీ జాకెట్ వెనక రెండు లైన్లతో వస్తుందా?

సరే, ఆనందం పక్కన పెడదాం. ఆ గదిలో ఆ డ్రమ్ము ఎలా మోగిందో ఆ మనిషి చెవులతో విన్నాడు, కొత్త టేపు నుంచి కోశాడు. ఇప్పుడు కోసేవాళ్ళ చేతిలో ఉన్నది అరవై ఏళ్ళు దాటిన టేపు. పైపొర అరిగి ఉంటుంది, పై శబ్దాలు కొంత పోయి ఉంటాయి. ఎంత గొప్ప ఇంజనీరైనా ఊహించుకుని చెయ్యాల్సిందే.

బీటిల్స్ 'సార్జెంట్ పెప్పర్' కూడా అంతే. 1967లో వాళ్ళు దగ్గరుండి చేయించుకున్నది మోనో మిక్స్, అంటే శబ్దాలన్నీ ఒకే ఛానల్లో కలిపినది. స్టీరియో మిక్స్ తర్వాత వాళ్ళు లేకుండా గబగబా కానిచ్చేశారు. 'షీజ్ లీవింగ్ హోమ్' మోనోలో వేగం, శ్రుతి రెండూ ఎక్కువ. ఏళ్ళ తరబడి స్టీరియో రీఇష్యూలు మాత్రమే విన్న తరానికి ఆ సంగతే తెలియదు.

ఎడిసన్ శ్రోత:
మామగారూ, వాన్ గెల్డర్ స్టూడియో మా ఊరి నుంచి కార్లో గంట దారి. ఆ వైపు వెళ్ళినప్పుడల్లా ఆయన గురించే ఆలోచిస్తాను కాబట్టి ఒక్క మాట.

ఆ రోజుల్లో ఇళ్ళల్లో ఉన్న ప్లేయర్లు ఎలాంటివి? బరువైన చెయ్యి, మొద్దు ముల్లు. బేస్ గట్టిగా కోస్తే ముల్లు గీతలోంచి ఎగిరి పడేది, షాపుకి రికార్డు వాపసు వచ్చేది. అందుకని కోసేటప్పుడు బేస్ తగ్గించి, ఎత్తుపల్లాలు కాస్త నొక్కి కోసేవారు. అంటే ఒరిజినల్ ప్రెస్సింగ్‌లో ఉన్నది టేపులో ఉన్నదంతా కాదు. 2019లో మొదలైన బ్లూ నోట్ వాళ్ళ రీఇష్యూలు, టోన్ పొయెట్ సిరీస్ విని చూడండి. జో హార్లీ దగ్గరుండి చూసుకుంటే కెవిన్ గ్రే అసలు టేపుల నుంచి నేరుగా కోస్తున్నాడు. బేసిస్టు పాల్ చేంబర్స్ వేళ్ళు తీగ మీద నుంచి జారే చప్పుడు కూడా తెలుస్తుంది.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. 1999 నుంచి అదే వాన్ గెల్డర్, తన పాత రికార్డింగులను తన చేతులతోనే రీమాస్టర్ చేసి, అంటే శబ్దం మళ్ళీ సరిచూసి, 'ఆర్‌వీజీ ఎడిషన్' సీడీలుగా ఇచ్చాడు. అభిమానుల్లో సగం మందికి అవి నచ్చలేదు. మరీ గట్టిగా ఉన్నాయని, స్టీరియో ఇరుకైపోయిందని గోల. చేసినవాడికే అన్నీ తెలుసు అనేది మీ వాదన అయితే, ఆ సీడీలే అన్నిటికన్నా గొప్పవి కావాలి కదా? మీ అలమరాలో అవి ఎన్ని ఉన్నాయి?

మోనో మామ:
ఒక్కటీ లేదు. ఇరికించావు.

కానీ ముప్పై నాలుగేళ్ళ వాన్ గెల్డర్ చెవులు, డెబ్బై ఐదేళ్ళ వాన్ గెల్డర్ చెవులు ఒకటే అని నేను ఎక్కడా అనలేదు.

బెజవాడ బేస్:
మీరంతా ఎక్కువగా జాజ్ దగ్గరే తిరుగుతున్నారు. రాక్‌లో రీఇష్యూల పేరుతో జరిగిన ఘోరాలు ఎవరూ ఎత్తడం లేదు. నేను బేస్ వాయిస్తాను కాబట్టి నా కడుపుమంట వేరు.

రాక్ గాయకుడు ఆజీ ఆస్‌బోర్న్ సోలోగా చేసిన మొదటి రెండు ఆల్బమ్‌ల మీద బేస్ బాబ్ డైస్లీ, డ్రమ్స్ లీ కెర్స్‌లేక్. రాయల్టీల మీద కోర్టు గొడవ నడిచింది. 2002లో ఆ రెండు ఆల్బమ్‌లు రీఇష్యూ అయ్యేసరికి వాళ్ళిద్దరూ వాయించింది చెరిపేసి, రాబర్ట్ ట్రుహీయో, మైక్ బోర్డిన్‌లతో కొత్తగా వాయించి అతికించారు! ర్యాండీ రోడ్స్ గిటార్ 1980, 1981 నాటిది, కింద బేస్ డ్రమ్స్ ఇరవై ఏళ్ళ తర్వాతవి. ట్రుహీయో మంచి బేసిస్టు, కాదనను. కానీ డైస్లీ బేస్ గిటార్‌తో కబుర్లాడుతూ నడుస్తుంది, అది అక్కడ లేదు. అభిమానులు తిట్టగా తిట్టగా 2011లో పాత ట్రాకులు మళ్ళీ వచ్చాయి. ఇది రీమాస్టరా, ఫోర్జరీయా?

రీమాస్టర్ అంటే తయారైన మిక్స్‌ను శుభ్రం చేసి, స్థాయిలు సరిచూడటం. రీమిక్స్ అంటే విడివిడి ట్రాకులు విప్పి మళ్ళీ వంట మొదలుపెట్టడం. ఈ తేడా స్టిక్కర్ మీద కనపడేట్టు రాయకుండా రెండిటినీ ఒకే రకంగా అమ్ముతారు.

సృష్టికర్త ఒప్పుకుంటే సరిపోతుంది అనేవాళ్ళకి స్టూజెస్ అనే రాక్ బృందం ఆల్బమ్ 'రా పవర్' గుర్తు చేస్తా. 1973లో డేవిడ్ బోవీ చేసిన మిక్స్ పీలగా ఉందని ఎప్పటినుంచో గోల. 1997లో ఆ బృందం గాయకుడు ఇగ్గీ పాప్ తనే కూర్చుని రీమిక్స్ చేశాడు. శబ్దాలన్నీ మీటర్లో ఎర్రగీత దాటించేశాడు. గట్టిగా మోగే సీడీల లిస్టు ఎవరు వేసినా అది ఉంటుంది. 2010లో చివరికి బోవీ మిక్స్ తిరిగొచ్చింది. పాట ఇగ్గీది, చెవులు నావి.

కొత్తముల్లు:
అందరికీ నమస్తే అండీ. ఈమధ్యే టర్న్‌టేబుల్ కొన్నాను. ఆన్‌లైన్‌లో ఒక పాత జాజ్ ఎల్‌పీ చవగ్గా వచ్చింది, యూరప్‌లో ప్రెస్ చేసినది. మీద '180 గ్రాములు' అని స్టిక్కర్ ఉంది. వింటే అచ్చం ఫోన్లో స్ట్రీమింగ్ విన్నట్టే ఉంది. నా సెటప్‌లో ఏదైనా తేడా ఉందా?

డెడ్‌వ్యాక్స్:
మీ సెటప్ బాగానే ఉండి ఉంటుందండీ. తేడా ఆ రికార్డులో ఉంది.

యూరప్‌లో సౌండ్ రికార్డింగ్ హక్కు ఒకప్పుడు 50 ఏళ్ళే. 2011లో దాన్ని 70కి పెంచారు, 2013 నవంబరు నుంచి అమలు. కానీ అప్పటికే గడువు తీరిపోయినవాటికి అది వర్తించదు. దాంతో 1962, అంతకు ముందు విడుదలైన రికార్డులన్నీ అక్కడ ఎవరైనా అచ్చేసుకోవచ్చు. జాజ్ స్వర్ణయుగం సరిగ్గా అక్కడే ఉంది! టేపు వీళ్ళకు ఎవరూ ఇవ్వరు, అవసరమూ లేదు. మార్కెట్లో దొరికే సీడీ తెచ్చి దాన్నుంచే లక్కర్ కోస్తే ఎల్‌పీ రెడీ. మీరు విన్నది చాలావరకు సీడీనే, మధ్యలో ముల్లు గరగర అదనం.

180 గ్రాములు అనేది ప్లాస్టిక్ బరువు. శబ్దం ఎక్కడినుంచి వచ్చిందో అది చెప్పదు. జాకెట్ వెనక టేపు ఊసు, ఇంజనీరు పేరు రెండూ లేకపోతే అనుమానించండి. ఇందాక నేను అడిగిన రెండు లైన్లు ఇందుకే.

గీతలపెట్టె:
ఆ రెండు లైన్లు రాసినవాళ్ళను నమ్మేదెలా గురూ?

2022 జులై గుర్తుందా? మొబైల్ ఫిడెలిటీ అంటే రీఇష్యూల్లో పెద్ద పేరు. 'ఒరిజినల్ మాస్టర్ రికార్డింగ్' అని జాకెట్ నెత్తిన పట్టీ వేసి అమ్ముతారు. టేపు నుంచి ముల్లు దాకా అంతా అనలాగే, మధ్యలో డిజిటల్ లేదు అని జనం కళ్ళు మూసుకుని కొన్నారు. మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్'ను వన్‌స్టెప్ పద్ధతిలో 40,000 కాపీలు వేస్తామని ప్రకటించారు. ఆ పద్ధతిలో ఒక లక్కర్ నుంచి తీయగలిగేవి చాలా తక్కువ. అన్ని కాపీలకు ఎన్ని లక్కర్లు కోయాలి, ఒక్కో లక్కర్‌కూ ఆ టేపును మళ్ళీ నడపడానికి ఎవరైనా ఒప్పుకుంటారా అని కొందరికి లెక్క తేలలేదు. ఫీనిక్స్‌లో ఒక రికార్డుల షాపాయన వీడియోలో అదే అన్నాడు. తర్వాత కంపెనీ ఇంజనీర్లే ఆయన కెమెరా ముందు ఒప్పుకున్నారు: డిజిటల్ దశ ఉంది అని. 2011 నుంచీ వాడుతున్నట్టు బయటపడింది. కోర్టు కేసులు, సెటిల్‌మెంటు అన్నీ అయ్యాయి.

నాకు కోపం తెప్పించింది మోసం కన్నా ఇంకోటి. అన్నేళ్ళపాటు బంగారు చెవులున్నామని చెప్పుకునేవాళ్ళు ఎవరూ కనిపెట్టలేదు. పైగా ఆ రికార్డులకే పది మార్కులు వేసి, 'డిజిటల్‌లో రాని వెచ్చదనం' అని వ్యాసాలు రాశారు. మరి అనలాగ్ స్వచ్ఛత అని మనం కొట్టుకుంటున్నది చెవుల కోసమా, మడి కోసమా?

మోనో మామ:
డెడ్‌వ్యాక్స్‌లో గీసిన అక్షరం అబద్ధం చెప్పదు, అందుకే నా డబ్బు అక్కడ.

ఇంకోటి, ఈ డీలక్స్ పెట్టెల దోపిడీ మీద ఎవరూ మాట్లాడరేం? అదే పాట ఎనిమిదో టేకు, మధ్యలో ఆగిపోయిన టేకు, ఎవరో దగ్గిన టేకు. కొన్నదే మళ్ళీ కొనిపిస్తారు. అన్నీ ముందే ఉన్నవాడికి ఒక్క కొత్త పాట కోసం మొత్తం పెట్టె అంటగడతారు.

ఎడిసన్ శ్రోత:
పెట్టెల ధరల విషయంలో మీతో ఏకీభవిస్తా. కానీ ఆ టేపుల గదుల్లోకి పిచ్చి అభిమానులు దూరకపోతే ఏం పోయేదో కూడా చూడాలి.

జాజ్ నిర్మాత మైకేల్ కస్కూనా బ్లూ నోట్ గోదాముల్లో విడుదల కాని సెషన్లు ఒక్కొక్కటే వెలికి తీశాడు. చార్లీ లౌరీతో కలిసి మొజాయిక్ అనే రికార్డు కంపెనీ పెట్టి, 1983లో మొదటగా పియానో విద్వాంసుడు తెలోనియస్ మంక్ బ్లూ నోట్ రికార్డింగులన్నీ ఒక పెట్టెలో ఇచ్చాడు. ఎవరు, ఎక్కడ, ఏ తేదీన, ఏ టేకు అన్నీ పుస్తకంలో ఉండేవి. డెడ్‌వ్యాక్స్ గారు అడిగే రెండు లైన్ల బదులు ఆయన పేజీలు పేజీలు ఇచ్చాడు. 2024లో పోయాడు.

శాక్సఫోన్ విద్వాంసుడు జాన్ కోల్‌ట్రేన్ 1963 మార్చి 6న వాన్ గెల్డర్ దగ్గర రికార్డు చేసిన సెషన్ సంగతి వేరే. కంపెనీ దగ్గర మాస్టర్ టేపు లేదు. ఇంట్లో వినడానికి ఇచ్చిన కాపీ టేపు ఆయన మొదటి భార్య నైమా కుటుంబం దగ్గర భద్రంగా ఉంది. అదే 2018లో 'బోత్ డైరెక్షన్స్ ఎట్ వన్స్'గా వచ్చింది. దీనికి ఒరిజినల్ ప్రెస్సింగ్ ఏది మామగారూ? 2018దే. 2008లో యూనివర్సల్ స్టూడియోస్ గోదాములో మంటలంటుకుని ఎన్ని టేపులు బూడిదయ్యాయన్నది ఇప్పటికీ వివాదమే. అలా పోయినవాటికి కాపీ టేపులు, పాత ప్రెస్సింగులే దిక్కు. అక్కడ మాత్రం మీ పక్షమే గెలుస్తుంది.

మోనో మామ:
ఆ 2018ది కొన్నాను లేవయ్యా. మోనోనే కదా.

కొత్తముల్లు:
చాలా తెలిసింది, థాంక్సండీ. బేస్ అన్నా, ఆజీ మొదటి ఆల్బమ్ సీడీ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో ఉంది. ఏ మిక్సో ఎలా తెలుసుకోవాలి?

బెజవాడ బేస్:
వెనకవైపు కింద సన్నక్షరాల్లో ఏడాది చూడు తమ్ముడూ. 1995 అయినా, 2011 అయినా కళ్ళు మూసుకుని తీసుకో. 2002 అయితే అక్కడే పెట్టేసి రా. ఏడాది చెరిగిపోతే లోపలి కాగితంలో బేస్ ఎవరని ఉందో చూడు. ట్రుహీయో అని ఉందా, షాపువాడు సగం ధరకిస్తానన్నా వద్దు.