రష్యన్‌లో రాజకీయాలు మాట్లాడాలంటే ఏం నేర్చుకోవాలి?

రైలుప్రయాణం:
వచ్చే నెల ఆల్మటీ (కజకిస్తాన్), బిష్కెక్ (కిర్గిజ్‌స్తాన్), ఆఖర్న తిబిలిసి (జార్జియా) వెళ్తున్నా, అన్నీ పాత సోవియట్ ఊళ్లే. రష్యన్ అక్షరాలు కూడబలుక్కుని చదవగలను. దారి అడగడం, లెక్కపెట్టడం, బిల్లు అడగడం వచ్చేశాయి. కానీ రాత్రి రైల్లో ఎదురు బెర్తు పెద్దాయన టీ గ్లాసు పట్టుకుని లోకం తీరు గురించి మొదలుపెడితే, తల ఊపడం తప్ప ఏం చేయలేను. ఫ్రేజ్‌బుక్కులన్నీ హోటల్, టాక్సీ, తలనొప్పి మాత్ర దగ్గరే ఆగిపోతున్నాయి. ఎన్నికలు, ప్రభుత్వం లాంటి వాటి మీద పనికొచ్చే వాక్యాలు ఎవరైనా చెప్తారా? ఏవి నోట రాకూడదో కూడా చెప్పండి.

మార్ష్రూత్కా_సీటు:
పదాల పట్టిక బట్టీ పట్టకండి. వీబరి అంటే ఎన్నికలు, ప్రవీతెల్‌స్త్వ అంటే ప్రభుత్వం, వ్లాస్త్ అంటే అధికారం, అందులో కూర్చున్నవాళ్లు కూడా. ఈ మూడూ చెవికి అలవాటైతే చాలు. పెరిస్త్రోయికా, సోవియట్ లాంటివి మన పేపర్లు ఎప్పుడో ఉచితంగా నేర్పేశాయి.

నా మటుకు అభిప్రాయం చెప్పే వాక్యాల కన్నా అడిగేవి, తప్పించుకునేవే ఎక్కువ అక్కరకొచ్చాయి. అన్నిటికన్నా బాగా పనిచేసింది "ఆ కాక్ రాన్షె బీల?" అంటే, మరి ఇదివరకు ఎలా ఉండేది? యాభై దాటినవాళ్లను ఇది ఒక్కటి అడిగితే చాలు, మిగతా దారంతా వాళ్లే చూసుకుంటారు. 1991లో సోవియట్ యూనియన్ పోవడం, 1993లో రూబుల్ పోయి కజకిస్తాన్‌కి తెంగే, కిర్గిజ్‌స్తాన్‌కి సోమ్ రావడం, దాచుకున్న డబ్బు విలువ లేకుండా పోవడం, అన్నీ వస్తాయి. "దెవినోస్తియె" అని వినపడితే తొంభైల గురించి అన్నమాట. ఆ మాట అనేటప్పుడు చాలామంది గొంతు మారిపోతుంది.

బిష్కెక్ నుంచి కరకోల్ వెళ్లే మార్ష్రూత్కాలో (అక్కడి షేర్ వ్యాన్) డ్రైవర్ పక్క సీటు దొరికింది నాకు. ఇస్సిక్‌కుల్ సరస్సు కనపడకముందే ఆయన స్టీరింగ్ మీద వేళ్లు మడుస్తూ 2005లో ఒక అధ్యక్షుడు, 2010లో ఇంకొకడు, 2020లో మూడోవాడు ఎలా దిగిపోయారో చెప్పుకొచ్చాడు. నేను అన్నవి రెండే. "దా వీ ష్తో!" (ఏమంటున్నారు, నిజమా!), "ఇ ష్తో బూదెత్ దాల్షె?" (మరి ఇక మీదట ఏమవుతుంది?). రెండోది అడిగితే మాత్రం చేతులు రెండూ స్టీరింగ్ మీంచి తీసేస్తారు, కాస్త చూసుకుని అడగండి.

ఆల్మటీలో అంత చొరవ వద్దు. 2022 జనవరిలో దేశం పడమటి కొసనున్న జనావొజెన్ అనే ఊళ్లో గ్యాస్ ధర మీద మొదలైన నిరసన ఆల్మటీ దాకా పాకి, సిటీ హాలు తగలబడింది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే 238 మంది పోయారు. అక్కడివాళ్లు "యన్వార్స్కియె సబీతియ" అంటారు, జనవరి సంఘటనలు అని. వాళ్లంతట వాళ్లు ఎత్తితే వినండి, మీరు మాత్రం ఎత్తకండి.

ఇరుక్కుంటే "మ్నే త్రూద్న సుదీత్" అనండి, నేను తేల్చి చెప్పలేను అని. మర్యాదగా ఉంటుంది, మాట అక్కడితో మళ్లుతుంది. అప్పటికీ వదలకపోతే "దవాయ్‌తె నె బూదెమ్ అ పలీతికె", రాజకీయాలు వద్దులెండి అని. ఇది అక్కడివాళ్లు భోజనాల బల్ల దగ్గర తమలో తాము కూడా అనుకునే మాటే, ఎవరూ నొచ్చుకోరు.

మీరు, నువ్వు తేడా మనకు చెప్పక్కర్లేదు కదా. వాళ్లకూ వీ, తీ ఉన్నాయి. పెద్దవాళ్లే "దవాయ్ నా తీ" (నువ్వు అనే అనుకుందాం) అనేదాకా వీ వదలకండి.

ఉప్పూకారం:
పై ఆయన చెప్పింది సగమే ఒప్పుకుంటాను. ఊరికే అడుగుతూ పోతే మిమ్మల్ని విచారణాధికారి అనుకుంటారు. "ఆ ఉ వాస్ కాక్?" (మరి మీ దగ్గర ఎలా?) అని తప్పకుండా తిరిగి వస్తుంది. దానికి "ఉ నాస్ తోజె ఫ్స్యో దరజాయెత్", మా దగ్గరా అన్నీ ప్రియమవుతున్నాయి, అని సిద్ధంగా పెట్టుకోండి. ధరల మీద కలవని మనుషులు ఏ దేశంలోనూ ఉండరు. రష్యన్లలో టీవీకీ ఫ్రిజ్‌కీ పోరాటం అని ఒక నానుడి ఉంది. టీవీ అంతా బాగుందంటుంది, ఫ్రిజ్ తెరిస్తే ఖాళీ. తెలెవీజర్, ఖలదీల్నిక్ అన్న రెండు మాటలు సమయం చూసి వాడితే నవ్వేస్తారు.

తిబిలిసిలో అసలు రష్యన్‌తో మొదలుపెట్టకండి. 2008లో రష్యాతో జరిగిన యుద్ధం ఎవరూ మర్చిపోలేదు, గోడల మీద రాతలే చెప్తాయి. ముందు జార్జియన్‌లో "గమర్జోబా" (నమస్కారం) అని, ఆ తర్వాత "మోజ్న పా-రూస్కి?" (రష్యన్‌లో మాట్లాడొచ్చా?) అని అడగండి. కుర్రాళ్లు ఇంగ్లీషుకే మొగ్గుతారు. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా వదిలి వచ్చినవాళ్లు కూడా అక్కడ తగులుతారు. ఎందుకొచ్చావని మొదటి పరిచయంలోనే అడగడం బాగోదు.

నిదానస్తుడు:
ఎవరైనా దీన్ని చదివి నేరుగా రష్యాకే వెళ్తుంటే, ఈ సలహాలు అక్కడికి అలాగే మోసుకెళ్లకండి. 2022 మార్చిలో వచ్చిన చట్టంతో సైన్యం గురించి "తప్పుడు సమాచారం" చెప్పారంటే 15 ఏళ్ల దాకా జైలు పడొచ్చు. విదేశీయులకు మినహాయింపు లేదు. అక్కడ యుక్రెయిన్ యుద్ధం మీద మ్నే త్రూద్న సుదీత్ ఒక్కటే చాలు. పెన్షన్ గురించైతే మాట్లాడుకోవచ్చు. 2018లో రిటైర్మెంట్ వయసును మగవాళ్లకు 60 నుంచి 65కి, ఆడవాళ్లకు 55 నుంచి 60కి మెల్లగా పెంచేలా చట్టం చేశారు. దాని మీద కోపం టీ కొట్టు దగ్గర కూడా బాహాటంగానే వినపడుతుంది.

రైలుప్రయాణం:
అందరికీ థాంక్స్. ఒక డౌట్. "ఒప్పుకోను" అనడానికి నె సగ్లాసెన్ అని ఒకచోట, నె సగ్లాస్న అని ఇంకోచోట చూశాను. నేను అమ్మాయిని, ఏది అనాలి?

మార్ష్రూత్కా_సీటు:
"యా నె సగ్లాస్న." అలాగే "అర్థం కాలేదు" అనడానికి మగవాళ్లు "నె పోన్యల్" అంటారు, మీరు "నె పన్యలా" అనండి, చివరి "లా" నొక్కి పలకాలి. మీకు ఎక్కువ అవసరం పడేది ఇదే.